కోదాడ నాకా, సూర్యాపేట పద్దు

2018 మే 9వ తేదీన అమెరికా దేశపు వాల్‌మార్టు సంస్థ, బెంగుళూరున పుట్టి పెరిగిన ఫ్లిప్‌కార్టు అను ఆన్‌లైను అంగడిలో నూటికి 77 పాళ్లను 1,600 కోట్ల డాలర్లకు కొనుచున్నట్లు ప్రకటించినపుడు, పత్రికలన్నియు దానిని కనివిని యెరుగని వింతగా వర్ణించినవి. ధనరాశిని బట్టి అది వింతయే. కాని అంత ధనము వెచ్చించి ఆ వర్తకుడు కొన్నదేమి యని విచారించినచో, సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ పట్టణముల వర్తక చరిత్ర నెరిగినవానికి అందు అపరిచితమైనది స్వల్పముగనే తోచును. ఒక సుంకపు నాకా దాటుటకు దారి, ఒక పద్దుపుస్తకము. ఈ రెండింటికొరకే ఈ సీమలో తరతరములుగ వర్తకులు ధనము వెచ్చించుచు వచ్చిరి.

ఈ మూడు పట్టణములును పూర్వపు నల్లగొండ జిల్లాలోనివి. 2016 అక్టోబరులో జిల్లాలు పునర్విభజింపబడగా సూర్యాపేట తానే జిల్లాకేంద్రమై కోదాడను తనలో కలుపుకొనెను. మిర్యాలగూడ నల్లగొండలోనే నిలిచెను. హైదరాబాదు నుండి విజయవాడకు బోవు రహదారి మీద మొదటి రెండును గలవు; మూడవది ఆ దారికి దక్షిణమున, కృష్ణకు చేరువగ నున్నది. భానుపురి యను పూర్వనామము గల సూర్యాపేటకు నేటికిని రైలు లేదు; దాని కలిమికంతకును బాటయే మూలము. ఆ బాట యెంత ప్రాచీనమో చెప్పుటకు సూర్యాపేట జిల్లాలోని ఫణిగిరి సాక్ష్యము చాలును. ఆ కొండమీది బౌద్ధ విహారము వర్తకమార్గమును ఆశ్రయించి, బాటసారులైన వర్తకుల దానములతో వర్ధిల్లినది. 2024లో అచ్చట త్రవ్వకములు జరిపినవారికి ఒక మట్టికుండలో ఇక్ష్వాకుల కాలపువని చెప్పబడు సీసపు నాణెములు 3,730 లభించినవి. బంగారము గాదు, వెండి గాదు, సీసము! రాజుల కోశమునకంటె సామాన్యుల అంగడికి తగిన చిల్లర యది. పిమ్మట కాకతీయుల కాలమున రేచర్ల రెడ్లు సూర్యాపేటకు చేరువనున్న పిల్లలమర్రిలో దేవాలయములు కట్టించిరి. కాకతీయ ప్రభువైన గణపతిదేవుడు 1244లో మోటుపల్లి రేవున అభయశాసనము వేయించి, ఓడ పగిలి ఒడ్డునకు కొట్టుకొనివచ్చిన పరదేశి సరకును అపహరింపబోమనియు, ముప్పదింట ఒక పాలు సుంకము మాత్రమే గైకొందుమనియు వాగ్దానము చేసెను. పరదేశి వర్తకుని ఎంతవరకు రానీయవలెను, ఏ షరతుమీద రానీయవలెను అను ప్రశ్న మన పాలకులకు నిన్న మొన్న పుట్టినది కాదు.

ఆ ప్రశ్న ఆసఫ్‌జాహీల కాలమున కోదాడ ప్రాంతమునకు నిత్యానుభవ మయ్యెను. కోదాడ దాటి కొంతదూరము సాగినంతనే నైజాము రాజ్యము ముగిసి, ఇంగ్లీషువారి కృష్ణా మండలము, జగ్గయ్యపేట ప్రారంభమగును. 1802 నాటి వర్తకపు ఒడంబడిక ననుసరించి సరిహద్దు దాటు సరకుపై నూటికి 5 వంతున సుంకము విధించు పద్ధతి యేర్పడగా, దానిని వసూలు చేయుటకు కరోడ్గిరి యను శాఖయు, ఆ శాఖ నాకాలును వెలసినవి. సుంకముతో తీరెనా? ఈవల చెల్లునది హాలి సిక్కా, ఆవల చెల్లునది కల్దారు. ఆరు కల్దారు రూపాయలకు రమారమి ఏడు హాలీ రూపాయలు సరి. బండి దిగిన ప్రతి బస్తామీదను ఈ బట్టా లెక్క చూచుకొనవలసినదే. ఒకే భాష మాటలాడుచు, ఒకే మిరప, ఒకే ఉప్పు, ఒకే గుడ్డ వాడుకొను జనుల నడుమ ఒక గీత గీసి, ఆ గీతకు రెండు నాణెములు, ఒక సుంకము కాపలా పెట్టినపుడు, ఆవలి పక్షమున తనవాడొకడు లేనివాని వర్తకము కుంటిదే యగును. 1948లో నైజాము పాలన అంతరించినను హాలి సిక్కా వెంటనే పోలేదు; 1959 దాక బ్రతికి, పిదప వెళ్లిపోయెను. దానితో కోదాడ వర్తకుని బట్టా లెక్కలును కాలగర్భమున గలిసినవి.

పద్దు సంగతి సూర్యాపేటది. తెలంగాణమున కిరాణా దుకాణమునకు ఊపిరి ఉద్దెర. ఎవని పంట ఎన్నడు ఇంటికి వచ్చును, ఎవని యింట పెండ్లి గలదు, ఎవడు మాట తప్పడు, ఎవడు తప్పును, ఏ యిల్లాలు ఏ నెలలో ఎంత నూనె తీసికొనును అను జ్ఞానమంతయు దుకాణదారుని ఖాతాలోను, ఖాతాలో వ్రాయనిది అతని తలలోను ఉండెడిది. దుకాణము చేతులు మారునపుడు గోడలకును త్రాసులకును ఒక వెల. రావలసిన బాకీలతో గూడిన ఆ పుస్తకమునకు వేరొక వెల. మంచి పద్దు గల చిన్న దుకాణము, పద్దు లేని పెద్ద దుకాణముకంటె విలువైనది.

అయితే ఈ ఉద్దెరను తలచుకొని కన్నీరు కార్చువారితో నేను ఏకీభవింపజాలను. పద్దు పరిచయమునకు ఎంత చిహ్నమో బంధనమునకు అంత సాధనము. విత్తనమునకని, తిండికని తీసికొన్న ధాన్యమును పంటకాలమున వడ్డీతో గూడ ధాన్యముగనే కొలిచి యిచ్చు నాగు పద్ధతిలో ఎన్ని కుటుంబములు తరతరములు కూలినవో! 1946 మొదలు 1951 వరకు సాగిన సాయుధ పోరాటమున నల్లగొండ పల్లెల రైతులు వెట్టిచాకిరిని ధిక్కరించుటతో తృప్తిచెందక, గడీలలోని అప్పుపత్రములను బయటికి లాగి తగులబెట్టిరి. ధాన్యపు కొట్టువలెనే కాగితపు కట్టయు ఆస్తియే యని వారికి ఎవరును చెప్పనక్కరలేకపోయెను.

మిర్యాలగూడ కథ నీటితో మొదలయినది. నాగార్జునసాగరమునకు 1955 డిసెంబరు 10న నెహ్రూ శంకుస్థాపన చేయగా, 1967 ఆగస్టులో కాలువలకు నీరు వదలబడెను. లాల్‌బహదూరు కాలువ పారినంత మేర మెట్టలు మాగాణులై, వరి విస్తరించి, ధాన్యము దంచు మిల్లులు పట్టణము చుట్టును వెలసినవి. రైతునకును మిల్లునకును నడుమ నిలిచిన అడ్తిదారు సరకు తనది గాకున్నను తూకము, పరిచయము, పూచీ అను మూడింటిని అమ్మి జీవించెడివాడు. ఇతడిని మరువరాదు, మరల వచ్చును.

ఇక ఆన్‌లైను అంగడి. పెద్ద దుకాణము దానిని మ్రింగుట మన ప్రాంతమునకు ఫ్లిప్‌కార్టుతో వచ్చిన అనుభవము గాదు. 1999లో బెంగుళూరున ఫాబ్‌మార్టు అను ఇంటర్నెట్టు దుకాణము తెరచినవారు, కాలము కలిసిరాక వీధిలో ఫాబ్‌మాల్ పేర సరకుల దుకాణములు పెట్టిరి. అవి హైదరాబాదు కేంద్రముగ పెరిగిన త్రినేత్ర దుకాణముల సంస్థలో గలిసినవి. ఆ త్రినేత్రను ఆదిత్య బిర్లా వారు కొని ‘మోర్’ అను పేరు పెట్టిరి. అమ్ముకొన్నవారు ఊరకుండక 2011లో బిగ్‌బాస్కెట్టును స్థాపించగా, 2021లో టాటావారు దానిలో అధికభాగమును గొనిరి. ఒకే బృందము ఒకే విద్యను రెండు మారులు రెండు మహాసంస్థలకు విక్రయించెనన్నమాట!

వాల్‌మార్టు విషయమున నాకా చిక్కు ప్రత్యేకము. మన దేశపు నిబంధనల ప్రకారము విదేశీయునికి టోకు వర్తకము సంపూర్ణముగ చేయవచ్చును. చిల్లర దుకాణము తెరచుట మాత్రము కఠినమైన షరతులకు లోబడిన కార్యము. అందుచే ఆ సంస్థ 2007లో భారతీ వారితో జతకట్టి, 2009లో అమృతసరమున బెస్ట్ ప్రైస్ అను టోకు అంగడి తెరచి, 2013లో భారతీతో తెగతెంపులు చేసికొని, హైదరాబాదు, విజయవాడలలోగూడ అట్టి అంగళ్లు నడపినది. సభ్యత్వపు కార్డుగల వ్యాపారికే అందు ప్రవేశము. బాటకు రెండు కొనలయందును ఆ అంగళ్లుండగా నడుమనున్న సూర్యాపేట గృహస్థుడు వాల్‌మార్టునకు ఎంత చేరువనున్నను అందరానివాడే. సరకు తనది గాక, అమ్మువానిని కొనువానిని కలుపుట మాత్రమే చేయు ఆన్‌లైను వేదికకు విదేశీ ధనము నిరాటంకముగ రావచ్చునని అదే ప్రభుత్వము చెప్పియున్నది. నాకా మూసియున్నచోట ఈ సందు కనబడినది. దానికితోడు, రెండేండ్లకు ముందు స్వదేశమున 330 కోట్ల డాలర్లకు గొన్న జెట్ అను సంస్థ, అమెజానును నిలువరింపజాలక 2020లో మూతపడినను, కొనుగోలుచేసి పోటీపడవలెనను తలంపును వాల్‌మార్టునకు అలవరచినది.

పద్దు మాట యేమి? 2007లో ఇద్దరు యువకులు పుస్తకములమ్ముటకు ఫ్లిప్‌కార్టును ప్రారంభించినపుడు తొలి గ్రాహకుడు తెలుగుసీమవాడు, మహబూబునగరమువాడు. అతడడిగిన ఇంగ్లీషు పుస్తకము చేత లేక వారు బెంగుళూరు దుకాణములు గాలించిరి. పదునొకండేండ్లలో ఆ ఒక్క పేరు కోట్ల పేర్లయినది. ఎవరే ఊరివారు, ఏమి వెదకిరి, ఏమి కొనిరి, ఏది తిప్పిపంపిరి అను ఖాతాయే వాల్‌మార్టు కొన్న సరకు. సూర్యాపేట దుకాణదారుని తలలోనున్న జ్ఞానమునకును దీనికిని జాతిభేదము లేదు. పరిమాణభేదము మాత్రము అపారము. ఇంకొక భేదమును గలదు: దుకాణదారు తన్నెరిగియున్నాడని గ్రాహకుడును ఎరుగును, బేరమాడును, అలుగును. కంపెనీ పద్దులో తన పుట యెట్లున్నదో వీనికి కానరాదు.

2020లో చిత్రమైన మలుపు వచ్చినది. కొన్నవాని టోకు అంగళ్లను కొనబడినవానికే అప్పగించిరి. వాల్‌మార్టు ఇండియా ఫ్లిప్‌కార్టు చేతిక్రిందికి వచ్చి, ఫ్లిప్‌కార్టు హోల్‌సేల్ అను పేర కిరాణావానికి ఫోనులోనే సరకు అమ్మజూపినది. అంతకు ముందు నుండియు ఫ్లిప్‌కార్టు ఇంటింటికి పార్సిళ్లు చేర్చుటకు కిరాణా దుకాణదారులను చేర్చుకొనుచుండెను, ఏలయన ‘రామాలయము వెనుక మూడవ యిల్లు’ అను చిరునామా వారికి తెలిసినంత ఏ యంత్రమునకును తెలియదు. దుకాణదారునకు పార్సిలుకింత యని ముట్టును. సరకు తనది గాదు, ధర తనది గాదు; పరిచయమును పూచీయును తనవి. మిర్యాలగూడ అడ్తిదారు ఈ విధముగ మరల కనబడుచున్నాడు. అప్పటి అడ్తిదారు రైతుకు రొక్కము ముందిచ్చి పంటను కట్టుకొనెడివాడు. ఇప్పటివానికి ఆ బలము లేదు. అతని సొంత గ్రాహకులలో ఉద్దెర తీసికొనువారు మాత్రము ఇంకను అతని పుస్తకములోనే యున్నారు. నెలసరి వాయిదాల మీదను, ‘తరువాత చెల్లింపు’ మీదను కంపెనీలు సరకిచ్చుట నేర్చినందున, తగవు ఇక ఆ పుస్తకము మీదనే నడువగలదు.