సిలికా రంధ్రాల్లో అణువుల సంచారం: ఒక సింహావలోకనం

ద్రవాల్లోనూ వాయువుల్లోనూ పదార్థం ఎలా వ్యాపిస్తుందో జీవితమంతా కొలిచిన థామస్ గ్రాహమ్ చేతుల్లోనే సిలికా జెల్ శాస్త్రం కూడా కన్ను తెరిచింది. లండన్ టంకశాలకు అధిపతిగా ఉన్న కాలంలో, 1861లో, ఆయన పార్చ్‌మెంట్ పొర గుండా లవణాలను బయటికి పోనిచ్చి, సిలిసిక్ ఆమ్లాన్ని లోపల నిలిపాడు. కొంతకాలానికి అది ముద్దకట్టేది. 1864లో ప్రకటించిన పత్రంలో ఆయన మరో విశేషం చెప్పాడు. ఆ ముద్దలోని నీటిని తీసేసి ఆల్కహాల్‌ను నింపవచ్చు, అయినా ముద్ద చెక్కుచెదరదు. గట్టిగా కనిపించే ఆ పదార్థం లోపలంతా దారులేనన్నమాట. ఆ దారుల్లో అణువులు ఎలా నడుస్తాయి, గోడలతో ఏం ఇచ్చిపుచ్చుకుంటాయి అన్న ప్రశ్నకు బీజం అక్కడే పడింది. జవాబుకు మాత్రం నాలుగైదు తరాలు పట్టింది.

తొలి తరాలు చూసింది బరువునే. ఎంత నీరు చేరింది, ఎంత పోయింది అని తూకం వేశారు. అమెరికాలో జాన్స్ హాప్కిన్స్ ఆచార్యుడు వాల్టర్ పాట్రిక్ మొదటి ప్రపంచ యుద్ధం ముగిసిన వేళ, 1919లో, సిలికా జెల్ తయారీకి పేటెంటు పొందాడు. 1938లో బ్రూనవర్, ఎమ్మెట్, టెల్లర్ ఉపరితల వైశాల్యాన్ని లెక్కకట్టే సూత్రం ఇచ్చారు. ఒక్క గ్రాము జెల్‌లో వందల చదరపు మీటర్ల గోడ ఉందని దానితో తేలింది. 1941లో మన దేశానికి చెందిన కె. సుబ్బారావు, నీరు ఎక్కేటప్పుడు ఒక దారీ దిగేటప్పుడు మరో దారీ పట్టే వైనాన్ని వరుస పత్రాల్లో పరిశీలించాడు. ఈ చరిత్ర రాసేవారు ఆ పేరును తరచుగా దాటేస్తారు. దాటేయదగిన పని కాదు అది.

ఈలోగా గోడ స్వభావం గురించి కొత్త ఊహ బయల్దేరింది. 1934లో హాఫ్‌మన్ బృందం, 1936లో సోవియట్ శాస్త్రవేత్త కిసెల్యోవ్, సిలికా ఉపరితలాన సిలికాన్‌ను అంటిపెట్టుకుని హైడ్రాక్సిల్ సమూహాలు ఉంటాయని సూచించారు. వీటినే సిలనాల్‌లంటాం. ఆ తర్వాత పరారుణ వర్ణపటాలు వాటి ఉనికిని నిర్ధారించాయి. ఇక వాటిని లెక్కపెట్టాలి. ఆ పనికి జీవితాన్ని ధారపోసినవాడు మాస్కోకు చెందిన జురావ్లెవ్. ఆయన పద్ధతిని కాస్త దగ్గరగా చూడాలి. ముందు సిలికాను శూన్యంలో సుమారు 200 డిగ్రీల సెల్సియస్ దగ్గర వేడిచేసి, అంటుకున్న నీటిని తొలగిస్తారు. సిలనాల్‌లు మిగులుతాయి. అప్పుడు భారజలపు ఆవిరిని పంపిస్తే, గోడ మీది హైడ్రోజన్ వచ్చి ఆవిరిలో కలుస్తుంది, డ్యుటీరియం వెళ్లి గోడకు చేరుతుంది. బయటికి వచ్చిన హైడ్రోజన్‌ను ద్రవ్యరాశి వర్ణపటమాపకంతో కొలిస్తే లెక్క తేలుతుంది. నూరు రకాల సిలికాలను ఇలా పరీక్షించి, పూర్తిగా హైడ్రాక్సిల్‌లతో నిండిన గోడపై చదరపు నానోమీటరుకు సగటున 4.9 సమూహాలు ఉంటాయని 1987లో ప్రకటించాడు. ప్రోటాన్ మార్పిడే ఇక్కడ కొలబద్ద అయింది. గోడ ఖాళీగా కూర్చోదని, ఇచ్చిపుచ్చుకుంటూ ఉంటుందని తిరుగులేకుండా రుజువైంది.

అసలు మలుపు మాత్రం కేంద్రక అయస్కాంత అనునాదంతో వచ్చింది. 1946లో బ్లాక్, పర్సెల్ విడివిడిగా దాన్ని కనిపెట్టారు. 1961లో మైబూమ్ దాని సాయంతో నీటిలో ప్రోటాన్ మార్పిడి వేగాన్ని కొలిచి, పీహెచ్ 7 దగ్గర అది అతి నెమ్మదిగా ఉంటుందని, ఆమ్లం గానీ క్షారం గానీ చేరితే పుంజుకుంటుందని చూపాడు. 1806లోనే గ్రోట్‌హస్ ఊహించిన కథకు ఇలా కొలతలు దక్కాయి. నిప్పంటుకున్న చోటికి వరుసగా నిలబడి బిందెలు అందించుకున్నట్టు, అణువు కదలకుండానే ప్రోటాన్ చేతులు మారుతుంది. 1965లో స్టెజ్‌స్కల్, టానర్ మరో ఉపాయం పన్నారు. అయస్కాంత క్షేత్రపు వాలును రెండుసార్లు క్షణకాలం విధిస్తే, కదలని అణువు సంకేతం మళ్లీ కూడుకుంటుంది, కదిలినదాని సంకేతం చెదిరిపోతుంది. ఆ చెదిరిన మోతాదే నడక దూరం. లైప్‌జిగ్‌లో ఫైఫర్, కార్గర్ ఈ పద్ధతిని సిలికాకు దగ్గరి చుట్టాలైన జియోలైట్ల మీద ప్రయోగించారు. తూకం పద్ధతులు చెప్పినదానికంటే అణువులు కొన్నిచోట్ల వేల రెట్లు వేగంగా తిరుగుతున్నాయని తేల్చారు. ఆ నెమ్మది చాలామటుకు రంధ్రాలది కాదు, పాత పద్ధతులదేనని తేలిన ఘట్టం అది. రెండు ఆవరణల మధ్య మార్పిడికి కార్గర్ 1969లో రాసిన సమీకరణాలను నేడు మెదడు కణజాలంలో నీటి కదలికకు కూడా వాడుతున్నారు.

అణువు నడకా ప్రోటాన్ మార్పిడీ ఎలా వేరుపడతాయో చూడాలంటే ఇథనాల్‌నే తీసుకోండి. కార్బన్‌ను అంటుకున్న హైడ్రోజన్‌లు అణువును వదలవు, వాటి నడక అణువు నడకే. ఆక్సిజన్ మీది ప్రోటాన్ మాత్రం పక్కనున్న నీటితోనో సిలనాల్‌తోనో స్థానం మార్చుకుంటుంది. ఆ మార్పిడి వేగమైతే వర్ణపటంలో విడివిడి శిఖరాలు ఒకటైపోతాయి. ఒకే రంధ్రంలో శరీరం ఒక లెక్కన, ప్రోటాన్ మరో లెక్కన ప్రయాణిస్తాయి.

అంతవరకూ సిలికా జెల్ రంధ్రాలు చిందరవందరగా ఉండేవి. 1992లో మోబిల్ సంస్థ పరిశోధకులు క్రెస్గే, బెక్ తదితరులు తేనెపట్టు ఆకారపు ఎంసీఎం-41ను, 1998లో శాంటా బార్బరాలో జావో, స్టకీ తదితరులు ఎస్‌బీఏ-15ను అందించాక, వరుసగా నిలిచిన సమాన గొట్టాలు చేతికొచ్చాయి. గోడను ఆనుకున్న నీరు నింపాదిగా, నడుమనున్నది దాదాపు మామూలు నీటిలా కదులుతుందని ఈ గొట్టాలతో స్పష్టమైంది. 1992లోనే కొలంబియా విశ్వవిద్యాలయంలో ఐసెన్‌థాల్ బృందం సిలనాల్‌లన్నీ ఒక్కటి కావని చూపింది. అయిదో వంతు మేర మిగతావాటికంటే బలమైన ఆమ్లాల్లా ముందే ప్రోటాన్‌ను వదిలేస్తాయి. మిగిలినవి పీహెచ్ 8.5 దరిదాపులకు వచ్చేదాకా పట్టుకుని ఉంటాయి.

ఈ భేదం పరిశోధనశాల గోడల మధ్యే ఆగిపోలేదు. హైదరాబాద్ చుట్టుపక్కల ఔషధ కంపెనీల్లో మిశ్రమాలను వేరుచేసే హెచ్‌పీఎల్‌సీ పరికరం మీద పనిచేసే ప్రతి కెమిస్టుకూ పీక్ టెయిలింగ్ అంటే తెలుసు. క్షార స్వభావమున్న మందు అణువులు సిలికా నింపిన కాలమ్‌లో మిగిలిపోయిన సిలనాల్‌ల దగ్గర తారట్లాడి ఆలస్యంగా బయటికొస్తాయి, పీక్ వెనక తోక సాగుతుంది. అందుకే మొబైల్ ఫేజ్‌లో ఫాస్ఫారిక్ ఆమ్లం వేసి పీహెచ్‌ను 3 దగ్గరికి దింపుతారు. సిలనాల్‌లలో చాలామటుకు ప్రోటాన్‌ను వదలకుండా ఉండిపోతాయి, తోక తగ్గి పీక్ నిటారవుతుంది.