పెరికెద్దు నుంచి జీపు దాకా
నల్లమల అంచున సామాను సర్దిన చరిత్ర

1830 మే 18న మద్రాసు నుంచి ఒక పెద్ద పరివారం కాశీకి బయలుదేరింది. దాని పెద్ద ఏనుగుల వీరాస్వామయ్య. మద్రాసు సుప్రీంకోర్టులో ఇంటర్‌ప్రెటరుగా పనిచేసినవారు. వెంట సుమారు వంద మంది జనం, పల్లకీ బోయీలు, కావళ్లు, డేరాలు, వంటపాత్రలు. తిరుపతి, కడప దాటి, అహోబిలం, మహానంది, శ్రీశైలం సేవించుకుని, కృష్ణ దాటి హైదరాబాదు వైపు సాగారు. అంటే ఇవాళ్టి నంద్యాల జిల్లాను దక్షిణం కొస నుంచి ఉత్తరం కొస దాకా దాటిపోయారన్నమాట. 1831 సెప్టెంబరు 3న ఇల్లు చేరారు. దారిలో రాసిన దినచర్యే 1838లో ‘కాశీయాత్ర చరిత్ర’గా అచ్చయింది.

ఆ పుస్తకాన్ని క్షేత్రాల కోసం, ధరల కోసం, ఆచారాల కోసం చదివేవాళ్లు చాలామంది. సామాను కోసం చదివితే ఇంకో చరిత్ర కనిపిస్తుంది. ఏ ఊళ్లో ఏ సరుకు దొరుకుతుంది, నీళ్ల వసతి ఎలా ఉంది, దారి మెట్టా రేగడా, రాళ్లా ఇసుకా? వీరాస్వామయ్య ఊరూరా వీటిని రాస్తూ పోవడానికి కారణం ఉంది. ముందు ఊళ్లో బియ్యం దొరుకుతాయని తెలిస్తే ఇక్కడ నుంచి మోయక్కర్లేదు. దొరకవని తెలిస్తే ఒక కావడి పెరుగుతుంది, దాన్ని మోసే మనిషి పెరుగుతాడు, ఆ మనిషి తినే తిండీ పెరుగుతుంది.

జీపు వెనక సొరుగులు చేయించుకుని అడవిదారి పట్టే కుర్రకారు నేడు వేసుకునే లెక్క కూడా ఇదే. ఆళ్లగడ్డ, ఉయ్యాలవాడ, కోయిలకుంట్ల ప్రాంతానికి ఈ లెక్క కనీసం రెండు వందల ఏళ్లుగా తెలుసు.

ఎద్దు వీపే గోదాము

ముందు ఈ నేల సంగతి. తూర్పున నల్లమల, పడమట ఎర్రమల. నడుమ కుందూ నది దక్షిణంగా పారి కడప జిల్లాలో పెన్నలో కలుస్తుంది. లోయంతా నల్లరేగడి. ఎండాకాలంలో కాలు దూరేంత నెర్రెలు విచ్చుతుంది, వాన పడితే చక్రాన్ని ఇరుసు దాకా మింగుతుంది. తూర్పు తీరానికి పోవాలంటే నంది కనమ లాంటి కొండదారులు ఎక్కి దిగాలి. రోడ్లు పడకముందు ఇటువంటి నేల మీద చక్రం కన్నా గిట్టే నమ్మకం.

అందుకే సరుకు పెరికెద్దుల మీద నడిచేది. ఎద్దు వీపున మెత్తటి గంత పరిచి, దాని మీద రెండు సంచుల కంట్లాన్ని అడ్డంగా వేసేవాళ్లు. కుడి సంచిలో ఎంత ఉంటే ఎడమ సంచిలోనూ అంతే ఉండాలి. ఒక పక్క రెండు శేర్లు ఎక్కువైనా మైలు నడిచేసరికి కంట్లం జారుతుంది, వీపు పుండవుతుంది. ఎద్దు మోసేది వంద కిలోలకు అటూ ఇటూ. ఉప్పు, ధాన్యం మోసిన లంబాడీల మందల్లో వందల, వేల ఎద్దులుండేవి. 1791లో టిప్పు మీదికి వెళ్లిన కారన్‌వాలిస్ సైన్యానికి గింజలందించినవీ ఇలాంటి మందలే.

రాత్రి మజిలీలో ఎద్దుల వీపులు ఖాళీ చేసి, సంచులను వరసగా పేర్చి విడిదికి గోడలా నిలిపేవాళ్లు. పగలంతా బరువుగా ఉన్న సరుకు రాత్రికి రక్షణ అయ్యేది. ఒక్కో సంచి విడిగా దిగుతుంది, విడిగా ఎక్కుతుంది. ఒక ఎద్దు కుంటితే దాని సంచులు ఇంకోదాని మీదికి పోతాయి గానీ మంద ఆగదు.

కావడిదీ అదే పద్ధతి. భుజం మీద వెదురుబద్ద, రెండు కొసలకు రెండు పెట్టెలు. పెట్టె కొలతను నిర్ణయించింది మనిషి భుజమే. పాతిక, ముప్పై కిలోల కన్నా ఎక్కువ పట్టే పెట్టె చేస్తే అది ఇంట్లోనే ఉండిపోతుంది. ఇప్పుడు ప్రయాణాల కోసం అమ్మే ప్లాస్టిక్ పెట్టెల్లోనూ మంచివి ఒక మనిషి ఒంటిగా ఎత్తగల కొలతలోనే ఉంటాయి.

తేలికగా కదిలినవాడిదే కొండ

వీరాస్వామయ్య దాటిపోయిన 16 ఏళ్లకు ఈ ప్రాంతం కుంపటిలా రాజుకుంది. నెలకు 11 రూపాయల 10 అణాల 8 పైసల తవర్జీ (పింఛను)తో సరిపెట్టుకోవాల్సిన పాలెగాళ్ల వారసుడు ఉయ్యాలవాడ నరసింహారెడ్డి 1846 జులైలో కోయిలకుంట్ల ఖజానా మీద పడ్డాడు. అక్కడ నుంచి నల్లమల వైపు మళ్లి ఈస్టిండియా కంపెనీ బలగాలను తిప్పలు పెట్టాడు. అక్టోబరులో పేరుసోముల దగ్గర జగన్నాథ కొండ మీద పట్టుబడ్డాడు. 1847 ఫిబ్రవరి 22న కోయిలకుంట్లలో ఉరితీశారు.

ఆ వీరగాథను జనం పాడుకున్నారు, సినిమాగా తీశారు. సామాను కోణం నుంచి చూస్తే అందులో ఒక చిన్న సత్యం ఉంది. బండి నడవని కొండలో డేరాలు, మందుగుండు, రేషన్లు వెంట లాక్కుపోయే బలగం నెమ్మదిస్తుంది. చుట్టుపక్కల ఊళ్లే వంటిల్లయిన దళం వేగంగా కదులుతుంది. నరసింహారెడ్డి మూడు నెలలు నిలబడటానికి వెన్ను ఊరి జనమే.

బండి కట్టినవాడి తెలివి

రోడ్లు మెరుగుపడ్డాక చక్రానికి రోజులొచ్చాయి. రెండు పెరికెద్దులు కలిసి రెండు వందల కిలోలు మోస్తే, అవే రెండు ఎద్దులు మంచి రోడ్డు మీద బండికి కట్టినప్పుడు అర టన్నుకు పైగా లాగుతాయి. ఎద్దులు అవే, మేత అదే. మారింది రోడ్డు.

చెక్కబండిని ఊరి వడ్రంగి కట్టేవాడు, కమ్మరి కమ్మిని ఎర్రగా కాల్చి చక్రానికి తొడిగి నీళ్లు పోసి బిగించేవాడు. దాంట్లో సామాను చోటు చూస్తే ఆశ్చర్యమేస్తుంది. వేరుశనక్కాయలో, గింజలో తోలేటప్పుడు బండి లోపల బోరెం అనే పట్టా పరిచేవాళ్లు, ఒక్క గింజ కింద రాలదు. బండి అడుగున గోనెపట్టాను ఉట్టిలా వేలాడదీసి ఎద్దులకు గడ్డి పెట్టేవాళ్లు. ఇరుసు పక్కన కందెన గొట్టం. ఆముదం, కాల్చిన గడ్డిమసి కలిపిన కందెన అందులో ఉండేది. రాత్రి ప్రయాణానికి లాంతరూ కిందే. పైన సరుకు, కింద బండి బతుకుతెరువు. దారి మధ్యలో ఇరుసు కీచుమంటే కందెన కోసం బస్తాలు దించే పని లేదు.

బరువు పెట్టడంలో అసలు విద్య ఉండేది. రెండు చక్రాల బండికి వెనక బరువు ఎక్కువైతే కాడి పైకి లేచి ఎద్దుల గొంతులు బిగుస్తాయి. ముందు ఎక్కువైతే మెడలు కాయలు కాస్తాయి. బరువు ఇరుసు మీద కుదురుకోవాలి, కాడి మీద కొంచెమే ఆనాలి. బళ్లు తోలిన పెద్దలు కాడిని చేత్తో ఎత్తి చూసి బస్తా ముందుకో వెనక్కో జరిపించేవాళ్లు. ఇంజనీర్లు గురుత్వ కేంద్రం అనే మాటతో చెప్పేది వాళ్లకు అరచేతిలో ఉండేది.

మేతా బరువే

బండికీ పెరికెద్దుకూ ఒకే బలహీనత, మేత. కరువు వస్తే అది బయటపడేది. 1866 కరువులో ఉయ్యాలవాడకే చెందిన బుడ్డా వెంగళరెడ్డి వేలమందికి గంజి పోయించారు. అందుకు విక్టోరియా రాణి బంగారు పతకం పంపింది. పది ఏళ్లకే, 1876–78లో, ధాత కరువు వచ్చింది. అప్పుడు గింజలు ఒకచోట ఉన్నా ఆకలి ఉన్నచోటికి చేరడం కష్టమైంది. దారి పొడవునా గడ్డీ నీళ్లూ లేకపోతే ఎద్దు కదలదు. గడ్డి వెంట మోసుకుపోదామంటే ఆ గడ్డే బండిలో సగం చోటు తింటుంది. దూరం పెరిగేకొద్దీ బండి మోసేది సొంత మేతనే.

ఎద్దుల నుంచి విముక్తి కోసం చేసిన ప్రయత్నాలు ఈ లోయలోనే కనిపిస్తాయి. 1863లో మద్రాసు ఇరిగేషన్ కంపెనీ మొదలుపెట్టిన కర్నూలు–కడప కాలువను సాగుకే కాదు, పడవలు నడపడానికి కూడా తవ్వారు. కంపెనీకి గిట్టుబాటు కాక 1882లో ప్రభుత్వం కొనేసింది. 1880ల్లో గుంతకల్లు నుంచి నంద్యాల మీదుగా బెజవాడ వైపు రైలుమార్గం నల్లమలను తొలుచుకుంటూ సాగింది. స్టేషను దాకా ఉప్పూ గింజలూ రైలెక్కాయి. స్టేషను నుంచి ఊరికి మాత్రం మళ్లీ ఎద్దే గతి.

రెండు పెరికెద్దుల జీపు

ఆ చివరి మైళ్లకు మోటారు జవాబు జీపు. 1941 నుంచి అమెరికా సైన్యం కోసం వేలకు వేలుగా తయారైన విల్లీస్ జీపును సైన్యం ‘పావు టన్ను’ వాహనంగా లెక్కగట్టింది. కిలోల్లో చెబితే 227. దాదాపు రెండు పెరికెద్దులు మోసే బరువు.

దాని సామాను అమరిక ఇప్పటికీ పాఠమే. పార, గొడ్డలి ఎడమ పక్క బయటే బిగించి ఉంటాయి. బురదలో దిగబడ్డప్పుడు లోపల వెతుక్కోనక్కర్లేదు. పనిముట్ల అరలు వెనక చక్రాల పైన, ఇంధన ట్యాంకు డ్రైవరు సీటు కింద, స్టెప్నీ, ఇంధనపు డబ్బా వెనక వైపు. బరువైనవి కిందికి, అత్యవసరమైనవి బయటికి. చెక్కబండి కందెన గొట్టానికీ ఈ పారకూ ఒకటే సూత్రం.

ఆ డబ్బా కథ కూడా చెప్పుకోదగ్గదే. 1937లో జర్మనీ సైన్యం కోసం రూపొందిన 20 లీటర్ల క్యాను అది. పైన మూడు పిడులు. నిండు క్యానును నడిమి పిడితో ఒకరు ఎత్తవచ్చు, పక్క పిడులతో ఇద్దరు చేతులు మార్చుకోవచ్చు, ఖాళీవైతే ఒక చేత్తో రెండు పట్టుకోవచ్చు. శత్రువుల దగ్గర చూసి బ్రిటిషువాళ్లు, అమెరికన్లు దాన్ని అనుకరించారు.

1947లో మహీంద్రా సంస్థ బొంబాయిలో విల్లీస్ జీపుల బిగింపు మొదలుపెట్టింది. తర్వాతి దశాబ్దాల్లో అటవీ శాఖ, రెవెన్యూ, పోలీసులతో పాటు రైతుల ఇళ్లకూ జీపు చేరింది. మన సినిమాలు రాయలసీమ జీపు నిండా బాంబులూ వేటకొడవళ్లూ కూర్చోబెట్టాయి. కానీ ఈ పక్క ఊళ్ల జీపులు అంతకు ఎన్నో రెట్లు మోసింది శనగ బస్తాలను, ఎరువులను, పెళ్లి జనాన్ని, కాన్పుకు వెళ్లే ఆడపడుచులను. అహోబిలంలో ఇవాళ్టికీ ఎగువ అహోబిలం నుంచి పావన నరసింహస్వామి గుడి దాకా రాళ్ల బాటలో భక్తుల్ని మోసేది జీపులే. జ్వాలా నరసింహస్వామి దగ్గరికి జీపు కూడా ఎక్కలేదు. అక్కడ కాలినడక, చేతగానివాళ్లకు డోలీ. ఒకే కొండ మీద మూడు కాలాల రవాణా ఇప్పటికీ కలిసి బతుకుతోంది.

ఇప్పటి సొరుగులకు పాత కొలత

ఇప్పుడు థార్, జిమ్నీ, బొలెరోల వెనక ప్లైవుడ్ సొరుగులు, అల్యూమినియం పెట్టెలు, పైకప్పు మీద ఇనుప చట్రాలు బిగించుకునేవాళ్లు పెరిగారు. మంచిదే. పెరికెద్దు పాఠాన్ని మాత్రం వాళ్లు మరవకూడదు.

నీళ్లు లీటరుకు కిలో. రెండు క్యాన్లు నింపితే 40 కిలోలు. అవి ఎప్పుడూ బండి అడుగున, వెనక ఇరుసుకు ముందు ఉండాలి. కప్పు మీద గుడారం, పరుపుల్లాంటి తేలికవే పెట్టాలి. పైన బరువు పెరిగితే పక్కవాలు దారిలో బండి ఒరిగిపోతుంది. దళసరి ప్లైవుడ్‌తో చేసిన సొరుగుల పెట్టె ఖాళీగానే ఒక మనిషి అంత తూగవచ్చు. ఆ బరువుకు బదులు ఏం తీసేయాలో వడ్రంగిని పిలవకముందే తేల్చుకోవాలి. పెట్టెను ఛాసీకి ఆనిన బోల్టులకు బిగించాలి. తాడు ఊడిన పెట్టె హఠాత్తుగా బ్రేకు వేసినప్పుడు ముందు కూర్చున్నవాళ్ల తలల మీదికే వస్తుంది. తాడు, పార, జాకీ తలుపు తీయగానే చేతికందాలి. నల్లరేగడిలో జాకీ కింద పెట్టడానికి దళసరి చెక్క లేకపోతే జాకీయే భూమిలోకి దిగుతుంది.

చట్టమూ గుర్తుండాలి. తయారీదారు ఇచ్చిన రూపాన్ని ఇష్టానుసారం మార్చడాన్ని మోటారు వాహనాల చట్టం 52వ సెక్షను ఒప్పుకోదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా అదే చెప్పింది. అందుకే బోల్టులు విప్పితే ఊడివచ్చే పెట్టె మేలు. మార్పు ఏదైనా ముందు రవాణా కార్యాలయంలో అడిగి చేయించుకోవాలి. ఇక నల్లమల చాలా మేర పులుల అభయారణ్యం. జీపుకు నాలుగు చక్రాల బలం ఉందని ఎక్కడపడితే అక్కడ దూరడానికి వీల్లేదు. బైర్లూటి, పచ్చర్ల లాంటి చోట్ల అటవీ శాఖ చూపిన బాటే మన బాట.

నంద్యాల జిల్లా 2022 ఏప్రిల్ 4న పుట్టింది. ఈ లోయ సరుకు రవాణా చరిత్రకు ఒక గది కేటాయించడం కొత్త జిల్లాకు పెద్ద ఖర్చేమీ కాదు. ఒక కంట్లం, ఒక కావడి, బోరెం పరిచిన చెక్కబండి, ఒక పాత జీపు చాలు. అది జరిగేదాకా మన వంతు పని మనం చేయవచ్చు. ఇంటి వెనక ఎండకు ఎండుతున్న చెక్కబండిని కట్టెలకు అమ్మేముందు దాని భాగాల పేర్లు పెద్దల్ని అడిగి రాసుకోండి, ఫొటోలు తీయండి. బండి తోలిన తరం ఇంకా ఉండగానే ఆ పని చేయాలి.