కుక్కల పార్కు

కుక్కల పార్కు అనగా పెంపుడు కుక్కలను గొలుసు విప్పి స్వేచ్ఛగా పరుగెత్తనివ్వడానికి, చుట్టూ కంచె వేసి ప్రత్యేకించిన బహిరంగ స్థలం. దీనిని డాగ్ పార్కు అని కూడా వ్యవహరిస్తారు. సాధారణంగా పురపాలక సంస్థలు గాని, కాలనీ సంఘాలు గాని వీటిని నిర్మించి నిర్వహిస్తాయి. తెలుగు ప్రాంతాలలో ఇటువంటి వాటిలో పేరొందినది హైదరాబాదులోని కొండాపూర్‌లో 2018లో ప్రారంభమైన పార్కు.

ఆవశ్యకత

వికారాబాదు జిల్లాలోని బంట్వారం వంటి గ్రామీణ మండలాలలో ఇంటి కుక్కలు, గొర్రెల మందలను కాచే కుక్కలు పొలాల వెంట తిరుగుతూ ఉంటాయి. వాటికి వ్యాయామం కొరకు వేరే స్థలం అక్కరలేదు. నగరాలలో బహుళ అంతస్తుల భవనాలలో పెరిగే కుక్కలకు ఆ వీలు లేదు. 2016లో జిల్లాల పునర్విభజన జరిగే వరకు బంట్వారం, కొండాపూర్ రెండూ రంగారెడ్డి జిల్లాలోనే ఉండేవి. ఒకే జిల్లాలో ఒకచోట లేని అవసరం మరొకచోట ఏర్పడడానికి నగరీకరణ ముఖ్య కారణం. తగిన వ్యాయామం లేని కుక్కలు అతిగా మొరగడం, వస్తువులను కొరకడం వంటి అలవాట్లకు లోనవుతాయి. మరోవైపు, సాధారణ ఉద్యానవనాలలో కుక్కలను వదిలితే పిల్లలకు, వృద్ధులకు ఇబ్బంది కలుగుతుంది. ఈ రెండు వర్గాల అవసరాలను వేరుచేసి తీర్చడమే కుక్కల పార్కు ఉద్దేశము.

చరిత్ర

అమెరికాలోని కాలిఫోర్నియా రాష్ట్రం, బర్కిలీ నగరంలో 1979లో మొదలైన ఓలోన్ డాగ్ పార్కును ఆ దేశపు తొలి కుక్కల పార్కుగా పేర్కొంటారు. భూగర్భ రైలుమార్గ నిర్మాణం కొరకు ఖాళీ చేసిన స్థలంలో అది ఏర్పడినది. తరువాతి దశాబ్దాలలో ఇతర దేశాలకు కూడా ఈ పద్ధతి విస్తరించినది.

కొండాపూర్ పార్కు

గ్రేటర్ హైదరాబాదు మహానగర పాలక సంస్థ సుమారు 1.3 ఎకరాల స్థలంలో, దాదాపు 1.1 కోటి రూపాయల వ్యయంతో ఈ పార్కును నిర్మించినది. అంతకు పూర్వం ఆ స్థలంలో చెత్త వేసేవారు. నడక దారి, పచ్చిక మైదానాలు, శిక్షణకు, వ్యాయామానికి ఉపకరణాలు, నీటి కొలను, పశువైద్యశాల, పెద్ద కుక్కలకు, చిన్న కుక్కలకు వేర్వేరు ఆవరణలు ఇందులో ఏర్పాటు చేశారు. నిరుపయోగమైన ప్రభుత్వ స్థలాన్ని ప్రజోపయోగంలోకి తేవడానికి ఇది ఒక ఉదాహరణ.

రూపకల్పన

* స్థలము: అమెరికన్ కెన్నెల్ క్లబ్ సూచన ప్రకారం కనీసం ఒక ఎకరం (4,840 చదరపు గజాలు) ఉండడం మంచిది. నివాస గృహాలకు మరీ దగ్గరగా ఉంటే మొరుగుడు వల్ల ఫిర్యాదులు వస్తాయి.
* కంచె: 4 నుండి 6 అడుగుల ఎత్తు గల ఇనుప వల కంచె అవసరం. అడుగు భాగంలో సందులు ఉండరాదు. వీధి కుక్కలు లోనికి రాకుండా కూడా ఈ కంచె ఉపయోగపడుతుంది.
* ప్రవేశ ద్వారం: ఒకదాని వెనుక ఒకటిగా రెండు తలుపులు, వాటి నడుమ చిన్న ఆవరణ ఉండాలి. మొదటి తలుపు మూసిన తరువాతనే రెండవది తెరవాలి. కుక్క తప్పించుకొని రోడ్డు మీదకు పోకుండా ఇది కాపాడుతుంది.
* నేల: వాన నీరు నిలవకుండా వాలు ఉండాలి. నిలిచిన నీటి ద్వారా లెప్టోస్పైరోసిస్ వ్యాపించే అవకాశం ఉన్నది. నడక దారులకు తాండూరు నాపరాళ్ళను వాడవచ్చును గాని, అవి ఎండకు కాలి కుక్కల పాదాలను బాధిస్తాయి కనుక నీడ ఉన్నచోట మాత్రమే పరచాలి.
* నీడ, నీరు: కుక్కలు ముఖ్యంగా రొప్పడం ద్వారా ఒంటి వేడిని తగ్గించుకుంటాయి. తెలంగాణలో వేసవి ఉష్ణోగ్రతలు 40 డిగ్రీలు దాటుతాయి కాబట్టి వడదెబ్బ ప్రమాదం ఎక్కువ. వేప, కానుగ వంటి నీడనిచ్చే చెట్లు, శుభ్రమైన త్రాగునీరు తప్పనిసరి.
* మొక్కలు: గన్నేరు, పచ్చగన్నేరు, ఉమ్మెత్త కుక్కలకు విషపూరితములు. వీటిని పార్కులో పెంచరాదు.

నిర్వహణ, ఆరోగ్య నియమాలు

ప్రవేశం వద్ద టీకా పత్రాలను పరిశీలించడం అన్నిటికంటె ముఖ్యమైన నియమం. పార్వో వైరస్ మట్టిలో నెలల తరబడి జీవించగలదు. అందువలన టీకాలు పూర్తికాని కూనలను, జబ్బుపడిన కుక్కలను, ఎదకు వచ్చిన ఆడకుక్కలను అనుమతించరు. మలాన్ని యజమానులే తీసివేయాలి. ఇందుకు సంచులు, మూత గల చెత్తబుట్టలు అందుబాటులో ఉంచాలి. కుక్క పార్కులో ఉన్నంతసేపు యజమాని దగ్గరనే ఉండాలి.

రేబిస్ లక్షణాలు బయటపడిన తరువాత మరణం దాదాపు తప్పదు. కుక్క కరిచినచో గాయాన్ని వెంటనే సబ్బుతో, ధారగా పారే నీటితో 15 నిమిషాలు కడిగి, ఆలస్యం చేయక వైద్యుని వద్ద టీకా వేయించుకోవాలి. ఈ సూచనను పార్కు ద్వారం వద్ద తెలుగులో వ్రాసి ఉంచడం మేలు.

వీధి కుక్కల సమస్య

2023 ఫిబ్రవరిలో హైదరాబాదులోని అంబర్‌పేటలో వీధి కుక్కల దాడిలో నాలుగేళ్ళ బాలుడు మరణించాడు. ఇటువంటి ఘటనల దృష్ట్యా, పెంపుడు కుక్కల కొరకు ప్రజాధనం వెచ్చించడం సమంజసమా అన్న ప్రశ్న సహజంగానే వస్తుంది. కుక్కల పార్కు వీధి కుక్కల సమస్యకు పరిష్కారం కాదు. ఆ సమస్యకు సంతాన నిరోధక శస్త్రచికిత్సలు, రేబిస్ టీకాలు, చెత్త సక్రమ తొలగింపు అవసరం. కేంద్ర ప్రభుత్వం 2001 నాటి నియమాల స్థానంలో 2023లో జంతు జనన నియంత్రణ నియమాలను ప్రకటించి, ఈ శస్త్రచికిత్సల, టీకాల బాధ్యతను స్థానిక సంస్థలపై ఉంచినది. పార్కులో పశువైద్యశాలను కూడా నెలకొల్పి, దానిని చుట్టుప్రక్కల వీధి కుక్కల టీకాలకు వినియోగించినచో, కుక్కలను పెంచని పౌరులకు కూడా ఆ వ్యయం వల్ల ప్రయోజనం చేకూరుతుంది.

ఇవి కూడా చూడండి

* రేబిస్
* కొండాపూర్
* బంట్వారం మండలం