మైక్రోమౌస్ పోటీ

మైక్రోమౌస్ పోటీ అనేది చిన్న చక్రాల యంత్రాలు ఎవరి సహాయమూ లేకుండా చిక్కుదారులలో దారి వెదుక్కుంటూ గమ్యాన్ని చేరవలసిన సాంకేతిక పోటీ. ఇందులో పాల్గొనే యంత్రాన్ని మైక్రోమౌస్ అంటారు. చిక్కుదారుల పలకను మేజ్ అంటారు. యంత్రం శరీరాన్ని, అనగా మోటార్లు, చక్రాలు, సెన్సార్లు, విద్యుత్ వలయాలతో కూడిన హార్డ్‌వేరును, దానికి బుద్ధినిచ్చే సాఫ్ట్‌వేరును ఒకే జట్టు సమకూర్చుకోవలసి ఉండటం ఈ పోటీ ప్రత్యేకత. 1970ల చివరలో అమెరికాలో మొదలైన ఈ పోటీ తరువాత ఐరోపా, జపాన్, సింగపూర్, తైవాన్, భారతదేశాలకు వ్యాపించింది. ఇంజనీరింగ్ విద్యార్థులలో దీనికి ఆదరణ ఎక్కువ.

పేరులోని "మైక్రో" అనే మాట మైక్రోప్రాసెసరు నుండి వచ్చింది. ఎలుక చిన్నదని చెప్పటం దాని ఉద్దేశ్యం కాదు. తొలినాటి ఎలుకలు నిజానికి చాలా పెద్దవి.

పూర్వరంగం

చిక్కుదారిలో ఎలుకను వదలి అది ఎలా నేర్చుకుంటుందో పరిశీలించటం మనస్తత్వ శాస్త్రంలో పాత పద్ధతి. దానిని యంత్రానికి వర్తింపజేసిన వారిలో ముఖ్యుడు, సమాచార సిద్ధాంతానికి ఆద్యుడైన క్లాడ్ షానన్. బెల్ ప్రయోగశాలలలో పనిచేస్తూ 1950లో ఆయన "థీసియస్" అనే కొయ్య ఎలుకను తయారుచేశాడు. గ్రీకు పురాణాలలో చిక్కుదారిలో ప్రవేశించి రాక్షసుని చంపి తిరిగివచ్చిన వీరుని పేరే ఇది. 25 గడుల పలకపై తడుముకుంటూ వెళ్ళి గమ్యం చేరిన ఈ ఎలుక, రెండవసారి వదలినప్పుడు తప్పుదారులు తొక్కకుండా నేరుగా వెళ్ళేది. అయితే దాని జ్ఞాపకశక్తి ఎలుకలో లేదు. టెలిఫోన్ ఎక్స్ఛేంజీలలో వాడే రిలేల రూపంలో పలక అడుగున ఉండేది. అడుగున కదిలే అయస్కాంతమే పైనున్న ఎలుకను లాగేది. మెదడును కూడా ఎలుక తన వీపుమీదే మోసుకుపోవాలంటే మైక్రోప్రాసెసరు వచ్చేదాకా ఆగవలసి వచ్చింది.

తొలి పోటీ, నియమాల మార్పు

1977లో ఐ.ఇ.ఇ.ఇ. సంస్థ పత్రిక "స్పెక్ట్రమ్" మైక్రోమౌస్ పోటీని ప్రకటించింది. వేల సంఖ్యలో ఔత్సాహికులు ముందుకు వచ్చారు గాని, 1979లో న్యూయార్క్‌లో జరిగిన తుది పోటీ నాటికి పదిహేను ఎలుకలు మాత్రమే మిగిలాయి. కాగితంపై సులభంగా కనిపించే సమస్య చేతికి వచ్చేసరికి ఎంత కఠినమో ఈ అంకెలే చెబుతాయి.

ఆ పోటీలో మేజ్‌కు ప్రవేశ ద్వారం, నిష్క్రమణ ద్వారం రెండూ వెలుపలి అంచునే ఉన్నాయి. ఇటువంటి చోట ఆలోచనతో పనిలేదు. చీకటి గదిలో మనిషి చేతిని గోడకు ఆనించి నడచినట్లు, ఒక ప్రక్క గోడను వదలకుండా పోతే ఎప్పటికైనా బయటపడవచ్చు. ఫలితంగా దారిని గుర్తుంచుకునే తెలివైన ఎలుకలకన్నా, గోడను పట్టుకుని వేగంగా పరుగెత్తే "తెలివిలేని" ఎలుకదే పైచేయి అయ్యింది. నిర్వాహకులు కోరుకున్నది ఇది కాదు.

ఈ లోపాన్ని సరిదిద్దినవాడు ఇంగ్లాండులోని పోర్ట్స్‌మౌత్ పాలిటెక్నిక్‌కు చెందిన జాన్ బిల్లింగ్స్‌లే. 1980లో లండన్‌లో యూరోమైక్రో సమావేశం సందర్భంగా జరిగిన పోటీకి ఆయన గమ్యాన్ని మేజ్ మధ్యకు మార్చాడు. మధ్యనున్న గోడలకు వెలుపలి గోడతో సంబంధం లేకుండా దారులను అమర్చితే, గోడను పట్టుకుని నడిచే ఎలుక అంచుల చుట్టూ తిరిగి బయలుదేరిన చోటికే వస్తుంది. గమ్యం ముఖం కూడా చూడదు. ఈ ఒక్క మార్పుతో పరుగుపందెం కాస్తా బుద్ధి పరీక్షగా మారింది. ఆ లండన్ పోటీలో నిక్ స్మిత్ తయారుచేసిన "స్టెర్లింగ్ మౌస్" విజేతగా నిలిచింది. నేటికీ ప్రపంచమంతటా అనుసరిస్తున్నది ఈ కేంద్ర గమ్య నియమమే.

జపాన్‌లో మొదటి జాతీయ పోటీ కూడా 1980లోనే జరిగింది. 1985లో సుకుబా నగరంలో జరిగిన ప్రపంచ పోటీలో జపాన్‌కు చెందిన "నోరికో" ప్రథమ స్థానం పొందింది. అఖిల జపాన్ మైక్రోమౌస్ పోటీ ఆ తరువాత ఈ రంగంలో అత్యంత ప్రతిష్ఠాత్మకమైనదిగా పేరుపొందింది.

మేజ్ కొలతలు, నిబంధనలు

సాంప్రదాయిక మేజ్‌లో అడ్డంగా 16, నిలువుగా 16, మొత్తం 256 గడులు ఉంటాయి. ఒక్కొక్క గడి కొలత 18 సెం.మీ. గోడల ఎత్తు 5 సెం.మీ., మందం 1.2 సెం.మీ. నేల నల్లగా, గోడల ప్రక్కలు తెల్లగా, గోడల పైభాగం ఎర్రగా ఉంటాయి. ఈ రంగులు అలంకారానికి కావు, సెన్సార్లు గోడను నేలనుండి వేరుగా గుర్తించటానికి. ఎలుక ఒక మూల గడినుండి బయలుదేరి మధ్యనున్న నాలుగు గడుల చతురస్రాన్ని చేరాలి.

మేజ్ రూపం పోటీదారులకు ముందుగా తెలియదు. దానిని బయటపెట్టిన తరువాత ప్రోగ్రామును మార్చటానికి గాని, దారి వివరాలను ఏ రూపంలోనైనా ఎలుకకు అందించటానికి గాని వీలులేదు. దూరనియంత్రణ నిషిద్ధం. ఎలుక గోడలను దూకరాదు, వాటిపై ఎక్కరాదు, వాటిని పాడుచేయరాదు.

ప్రతి ఎలుకకు నిర్ణీత వ్యవధి ఇస్తారు. అనేక పోటీలలో ఇది 10 నిమిషాలు, కొన్నిటిలో అంతకంటే తక్కువ. ఆ వ్యవధిలో ఎలుక మొదట మేజ్‌ను వెదకి పటాన్ని జ్ఞాపకంలో నిలుపుకుంటుంది. తరువాత బయలుదేరిన చోటికి తిరిగివచ్చి, కనుగొన్న వాటిలో మేలైన దారిన వేగంగా పరుగుతీస్తుంది. పద్మవ్యూహంలోకి పోవటం మాత్రమే తెలిసిన అభిమన్యుని విద్య ఇక్కడ చాలదు. వెనుకకు రాలేని ఎలుకను చేతితో తీసి మళ్ళీ మొదట పెట్టవలసి వస్తుంది, అందుకు చాలా పోటీలలో మార్కులు తగ్గుతాయి.

కొన్ని పోటీలలో పరుగు కాలానికి, ఆ పరుగు మొదలయ్యేసరికి గడచిన కాలంలో 30వ వంతును కలిపి ఫలితం లెక్కిస్తారు. ఈ చిన్న సూత్రం పోటీదారుని ఇరకాటంలో పెడుతుంది. ఒక ఎలుక 90 సెకన్లలో వెదకటం ముగించి 12 సెకన్లలో పరుగు తీసిందనుకుంటే దాని ఫలితం 15. మరొకటి 240 సెకన్లపాటు మూలమూలలా గాలించి మరింత మంచి దారి కనుగొని 9 సెకన్లలో పరుగెత్తినా దాని ఫలితం 17. రెండవ దాని దారి మెరుగైనదే, కాని ఓడిపోయింది. వెదకటం ఎప్పుడు ఆపాలో నిర్ణయించవలసింది ఎలుకే. ఆ నిర్ణయానికి సూత్రం వ్రాయవలసింది మాత్రం విద్యార్థి, అదీ మేజ్‌ను చూడకముందే.

దారి కనుగొనే పద్ధతి

అత్యధికంగా వాడే పద్ధతిని "ఫ్లడ్ ఫిల్" అంటారు. వరదనీరు నిండినట్లుగా అని అర్థం. గమ్యం వద్ద నీరు పోస్తే అది గోడలు లేని దిక్కులకు ఒక్కొక్క గడి చొప్పున వ్యాపిస్తుందని ఊహించాలి. గమ్యపు గడులకు 0, వాటిని ఆనుకున్న గడులకు 1, ఆ పైవాటికి 2, ఇలా ప్రతి గడికి గమ్యంనుండి ఎంత దూరమో తెలిపే అంకె వేస్తారు. ఎలుక తానున్న గడికంటే తక్కువ అంకె గల ప్రక్క గడిలోకి అడుగు వేస్తుంది. అంతే.

మొదట ఎలుకకు వెలుపలి గోడలు తప్ప మరేమీ తెలియవు గనుక లోపల గోడలే లేవని అనుకుంటుంది. ఆ లెక్కన మూల గడి అంకె 14. ముందుకు పోయేకొద్దీ నిజమైన గోడలు ఎదురవుతాయి. కొత్త గోడ కనిపించినప్పుడల్లా దానిని పటంలో వ్రాసుకుని అంకెలను తిరిగి లెక్కిస్తుంది. అప్పటిదాకా 14 అనుకున్న దూరం 20 కావచ్చు, 40 కావచ్చు. ఆశావాదంతో బయలుదేరి, ఎదురైన ప్రతి అడ్డంకికీ అంచనాను సవరించుకోవటమే ఈ పద్ధతిలోని కిటుకు. చేరటానికి దారంటూ ఉంటే ఈ పద్ధతిలో ఎలుక తప్పక గమ్యం చేరుతుంది.

ఒక గడికి నాలుగు ప్రక్కలా గోడ ఉన్నదీ లేనిదీ చెప్పటానికి నాలుగు బిట్లు చాలు. అంటే గడికి ఒక బైటు చొప్పున వాడినా మొత్తం పటం 256 బైట్లలో ఇమిడిపోతుంది. జడ్80 వంటి తొలితరం మైక్రోప్రాసెసర్లతో కూడా ఎలుకలను తయారుచేయగలగటానికి ఇది ఒక కారణం.

అయితే అతి తక్కువ గడుల దారి అతి తక్కువ కాలం పట్టే దారి కానవసరం లేదు. మలుపు వచ్చినప్పుడల్లా ఎలుక వేగం తగ్గించుకోవాలి. కాబట్టి కొంచెం పొడవైనా తిన్నగా పోయే దారి ఒక్కొక్కసారి మేలు. అందువలన అనుభవజ్ఞులు దూరానికి బదులు కాలాన్ని లెక్కవేసే విధంగా ప్రోగ్రాము వ్రాస్తారు.

మెట్లవలె కుడికి ఒకటి, ఎడమకు ఒకటిగా మలుపులు తిరిగే దారిలో మరొక ఉపాయం ఉన్నది. ప్రతి మలుపూ తిరగకుండా ఐమూలగా దూసుకుపోవచ్చు. మసాచుసెట్స్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ టెక్నాలజీకి చెందిన డేవ్ ఒట్టెన్ తయారుచేసిన "మైటీ మౌస్" వరుస ఎలుకలు ఈ విద్యకు పేరుపొందాయి. ఐమూలగా పోతే గడికి 18 సెం.మీ.కు బదులు సుమారు 12.7 సెం.మీ. నడిస్తే చాలు. కాని గోడల స్తంభాల నడుమ మిగిలే సందు వెడల్పు సుమారు 11 సెం.మీ. మాత్రమే. ప్రోగ్రామరు కోరుకున్న దారిలో పట్టాలంటే యంత్రం తయారుచేసేవాడు దానిని అంతకంటే సన్నగా చేయాలి. హార్డ్‌వేరు, సాఫ్ట్‌వేరు వేరువేరు పనులని భావించే విద్యార్థికి ఆ భావన ఈ సందులోనే పోతుంది.

యంత్ర నిర్మాణం

తొలినాటి ఎలుకలకు రెండు ప్రక్కలా రెక్కల వంటి పలకలు ఉండేవి. వాటికి అమర్చిన సెన్సార్లు పైనుండి గోడల అంచులను చూసేవి. తరువాత పరారుణ కాంతిని గోడ ప్రక్కలపైకి పంపి, తిరిగివచ్చిన కాంతి తీవ్రతనుబట్టి దూరం తెలుసుకునే పద్ధతి స్థిరపడింది. రెక్కలు పోయాయి, ఎలుకలు అరచేతిలో ఇమిడేంత చిన్నవయ్యాయి. స్టెప్పర్ మోటార్ల స్థానంలో చక్రం ఎంత తిరిగిందో కొలిచే ఎన్‌కోడర్లతో కూడిన డి.సి. మోటార్లు వచ్చాయి. ఎంత మలుపు తిరిగిందో చెప్పే గైరో సెన్సార్లు, తేలికైన లిథియం పాలిమర్ బ్యాటరీలు వచ్చాయి. మలుపులలో చక్రాలు జారకుండా ఎలుక పొట్ట క్రింద గాలిని పీల్చే చిన్న ఫ్యాను అమర్చి, నేలకు అతుక్కునేలా చేయటం మరో ముందడుగు.

2011లో జరిగిన 32వ అఖిల జపాన్ పోటీలో సింగపూర్‌కు చెందిన ఎన్‌జీ బెంగ్ కియట్ తయారుచేసిన ఎలుక 3.921 సెకన్లలో గమ్యం చేరి ప్రథమ స్థానం పొందింది. ప్రతి పోటీకి మేజ్ వేరుగా ఉంటుంది గనుక ఒక సంవత్సరపు కాలాన్ని మరొక సంవత్సరంతో నేరుగా పోల్చకూడదు.

తీరా పోటీనాడు ఎలుకలు ఓడిపోయేది ఎక్కువగా గణిత దోషాలవల్ల కాదు. ప్రయోగశాలలో సరిగా చూసిన పరారుణ సెన్సారు, పోటీ మందిరంలోని దీపాల వెలుగులో గోడ లేనిచోట గోడ ఉన్నదని చెబుతుంది. చక్రానికి దుమ్ము అంటితే జారుతుంది, జారితే ఎలుక తానున్న గడిని తప్పుగా లెక్కిస్తుంది. పటంలో ఒక్క తప్పుడు గోడ చేరినా అసలు దారి మూసుకుపోయినట్లే. అందుకే అనుభవజ్ఞులు పోటీకి ముందు చక్రాలను శుభ్రం చేసుకుంటారు, ఆ మందిరపు వెలుతురులోనే సెన్సార్లను సరిచూసుకుంటారు.

విద్యార్థుల పోటీగా

అమెరికాలో ఐ.ఇ.ఇ.ఇ. విద్యార్థి శాఖలు ప్రాంతీయ సమావేశాలలో ఈ పోటీని నిర్వహిస్తూ వచ్చాయి. బ్రిటన్‌లో పాఠశాల విద్యార్థులకు ప్రత్యేక విభాగాలు ఏర్పరచారు. తైవాన్‌లో లుంగ్‌హ్వా విశ్వవిద్యాలయం ఇందుకు కేంద్రంగా ఉన్నది. భారతదేశంలో ఐ.ఐ.టి. బొంబాయి వార్షిక సాంకేతికోత్సవం "టెక్‌ఫెస్ట్"లో పలుమార్లు మైక్రోమౌస్ పోటీ జరిగింది.

ఎలక్ట్రానిక్స్, మెకానికల్, కంప్యూటర్ శాఖల విద్యార్థులు కలిసి పనిచేయటానికి ఇది మంచి అవకాశం. ఖర్చులో పెద్ద భాగం మేజ్‌కే అవుతుంది. పూర్తి పలక దాదాపు 2.9 మీటర్ల చతురస్రం, దానికి ఒక గది కావాలి. అంత స్థలం లేనివారు కొద్ది గడుల మేజ్‌తో మలుపులను, వేగాన్ని సరిచూసుకుని, దారి వెదికే ప్రోగ్రామును కంప్యూటరు సిమ్యులేటరులో పరీక్షించుకుంటారు. సిమ్యులేటరులో చక్రాలు జారవని మాత్రం మరువరాదు.

హాఫ్ సైజు విభాగం

2009లో జపాన్‌లో హాఫ్ సైజు విభాగం ప్రవేశపెట్టారు. ఇందులో గడి కొలత 9 సెం.మీ., గోడ ఎత్తు 2.5 సెం.మీ. గడుల సంఖ్య అడ్డంగా, నిలువుగా 32 వరకు, అనగా మొత్తం 1024 వరకు ఉండవచ్చు. పలక పరిమాణం పాతదే, వెదకవలసిన గడులు మాత్రం నాలుగు రెట్లు. గమ్యం మధ్యలోనే ఉండాలనే నియమం కూడా ఈ విభాగంలో సడలించబడింది.