ఈస్ట్ సెయింట్ లూయిస్ షరతులు

నగర ప్రణాళికాశాస్త్రం చదువుకున్న రోజుల్లో మా బృందం హైదరాబాదులోని ఒక బస్తీలో ఇంటింటి సర్వే చేసింది. రంగురంగుల పటాలు గీశాం. మార్కులు బాగానే వచ్చాయి. "మళ్ళెప్పుడొస్తరు బిడ్డా?" అని ఒక అవ్వ అడిగితే, వచ్చేవారం అన్నాం. వెళ్ళలేదు. మా నివేదిక ప్రతి ఒక్కటైనా ఆ బస్తీవారికి చేరలేదు. చేరాలన్న ఆలోచన కూడా మాకు కలగలేదు. ఈస్ట్ సెయింట్ లూయిస్ చరిత్ర నన్నింతగా పట్టుకోవడానికి కారణం ఆ సిగ్గే కాబోలు.

మిసిసిపీ నదికి తూర్పు ఒడ్డున, సెయింట్ లూయిస్ మహానగరానికి ఎదురుగా, ఇల్లినాయ్ రాష్ట్రంలో ఉందా పట్టణం. 1950లో 82 వేలు దాటిన జనాభా 1990 నాటికి 41 వేలకు దిగింది. పరిశ్రమలు పోయాయి, తెల్లవారు తరలిపోయారు, పన్నుల రాబడి పడిపోయింది. మిగిలినవారు దాదాపు అందరూ నల్లజాతీయులే. 1980ల చివరికి ఇళ్ళముందు చెత్త తీసే నాథుడు కూడా లేడు.

ప్రభుత్వ సొమ్ముతో నడిచే విశ్వవిద్యాలయం పేదల పట్టణాలకు చేస్తున్నదేమిటని, 1987లో ఆ ప్రాంతపు శాసనసభ్యురాలు వైవెటర్ యంగ్ ఇల్లినాయ్ విశ్వవిద్యాలయ అధ్యక్షుణ్ణి నిలదీశారు. ఆ మాట పుణ్యమా అని, ఆర్కిటెక్చర్, ప్లానింగ్ విద్యార్థులు సుమారు 180 మైళ్ళ దూరం నుంచి రావడం మొదలైంది. వచ్చారు, చూశారు, నివేదికలు రాశారు. ఊరికి ఒరిగింది స్వల్పం.

1990లో కెన్ రియర్డన్ అనే ప్లానింగ్ అధ్యాపకుడు ఈ పని చేపట్టి, ముందుగా స్థానిక పెద్దలను కలిశాడు. స్వాగతం దక్కలేదు. పరిశోధకులు వస్తారు, మా కష్టాలు రాసుకుంటారు, పోతారు, తిరిగి కనబడరు అన్నది వారి ఫిర్యాదు. ఎమర్సన్ పార్క్ అనే పేటలో సేవాకేంద్ర కార్యకర్త సియోలా డేవిస్, ఆమెతోటివారు, సహకరించాలంటే షరతులకు ఒప్పుకోమన్నారు. ఏ సమస్య మీద పని చేయాలో పేటవాసులే నిర్ణయిస్తారు, విశ్వవిద్యాలయమూ కాదు, నిధులిచ్చేవారూ కాదు. మొదటినుంచి చివరిదాకా ప్రతి దశలోనూ వారికి పాలుండాలి. కనీసం ఐదేళ్ళు నిలబడాలి. నిధుల వేటలో తోడు రావాలి. వెళ్ళిపోయేటప్పటికి ఆ పనిని కొనసాగించగల సంస్థ ఒకటి పేటలో మిగలాలి. తరువాతి కాలంలో ఇవి సియోలా పేరుతోనే ప్రసిద్ధికెక్కాయి.

ఐదేళ్ళ షరతు నన్ను ఆలోచింపజేస్తుంది. మన స్టూడియో ఒక సెమిస్టరుతో ముగుస్తుంది. పేట జీవితానికి సెమిస్టర్లు లేవు కదా!

విద్యార్థులు, పేటవాసులు కలిసి ప్రణాళిక సిద్ధం చేశారు. డబ్బిచ్చేవారు మాత్రం దొరకలేదు. సరే, డబ్బు లేకుండా చేయగలిగిందేమిటని చూసుకుని, ఖాళీ స్థలాల్లో పేరుకున్న చెత్త ఎత్తడానికి దిగారు. ప్లానింగ్ విద్యార్థులు చేతితొడుగులు వేసుకుని పాత టైర్లు, విరిగిన సామాన్లు మోశారు. తరువాత పిల్లల ఆటస్థలం కట్టారు; ముసలివాళ్ళ ఇళ్ళకు రంగులు వేశారు. నా దృష్టిలో పటం గీయడం కంటే ఇది తక్కువ చదువు కాదు. ఎవరి కోసం గీస్తున్నామో వారు పక్కనే నిలబడి, ఇది కుదరదు అని చెప్పే చోట నేర్చుకున్న విద్య అది.

అయితే మరో అసంతృప్తి బయటపడింది. విద్యార్థులకు చదువు దక్కుతోంది, పట్టా దక్కుతోంది, మరి మాకు? అని స్థానికులు అడిగారు. న్యాయమైన ప్రశ్నే. దాని ఫలితంగా 1990ల మధ్యలో పేటవాసుల కోసమే తరగతులు ప్రారంభమయ్యాయి. సంఘం ఎలా నడపాలి, ప్రణాళిక ఎలా వేయాలి అన్నవి అక్కడి పాఠాలు. ఆ బెంచీల మీద కూర్చున్నది ఒకప్పుడు సర్వేకు జవాబులు చెప్పినవారే.

ఊరి దశ తిరిగిపోయిందని చెప్పను. 2000 నాటి లెక్కల్లో జనాభా 31,500కు పడిపోయింది. కానీ మెట్రోలింక్ రైలుమార్గాన్ని తూర్పుకు పొడిగించే సమయంలో, తమ పేట మీదుగా రావాలని ఎమర్సన్ పార్క్ వారు విద్యార్థుల తోడ్పాటుతో పట్టుబట్టారు. 2001లో ఆ మార్గం తెరిచినప్పుడు, అందులో ఒక స్టేషను పేరు ఎమర్సన్ పార్క్.