స్టాకు రేకా, ఆర్డరు రేకా? గుండిగల మాటకు ముందు కొంచెం పాత కథ



పోయిన ఆదివారం మీటింగులో వంటశాల గుండిగల విషయం తెగలేదు. బెంగళూరులో అంగడి రేకు తెచ్చి చేయిస్తే చాలని సగం మంది, ఫ్యాక్టరీకే ఆర్డరు పెట్టి మన కొలతకు తెప్పించుకుందామని సగం మంది. ఆ రోజు మేము నోరు విప్పలేదు. ఎందుకనేది కింద చెప్తాం. ఈ పోస్టు కొంచెం పొడుగు, కాఫీ పెట్టుకొని కూర్చోండి. మా రాతలో తప్పులుంటే మన్నించాల. ఇంట్లో తెలుగే గానీ జోలార్‌పేటలో బడి చదువంతా తమిళం. తెలుగు అక్షరాలు ఉద్యోగంలో చేరినాక, అమ్మకు జాబు రాసేదానికని నేర్చుకున్నవి.

మా చిన్నప్పుడు ఇంట్లో వంటంతా ఇత్తడి, కంచు. ఇత్తడి లోపల కళాయి పోతే పులుసు కాచకూడదు, చిలుము పడుతుందని అమ్మ భయం. కళాయి పూసే ఆయన వీధిలోకి వస్తే ఇంటింటి గిన్నెలూ బయటికొచ్చేవి. తరువాత 'ఎవర్‌సిల్వర్' వచ్చింది. తమిళ దేశంలో ఇప్పటికీ పెద్దవాళ్ళు స్టీలును ఆ పేరుతోనే పిలుస్తారు. కళాయి అక్కర్లేదు, పులుపుకు భయం లేదు. ఆడపిల్ల సారెలో ఇత్తడి బిందె పోయి స్టీలు బిందె చేరింది.

ఈ లోహం పుట్టింది మాత్రం వంటింటి కోసం కాదు. 1913లో ఇంగ్లండు షెఫీల్డులో హ్యారీ బ్రేర్లీ అనే ఆయన తుపాకీ గొట్టాలు లోపల అరిగిపోకుండా ఉండే ఉక్కు కోసం వెతుకుతా ఉండినాడు. క్రోమియం వందకు 12, 13 పాళ్ళు కలిపిన ఉక్కు తుప్పు పట్టడం లేదని కనిపెట్టి, ఇది కత్తులకు పనికొస్తుంది అన్నాడు. అదే కాలంలో జర్మనీ క్రుప్ కంపెనీవాళ్ళు క్రోమియంతోబాటు నికెల్ కూడా కలిపి ఇంకో రకం చేసినారు. ఈ రెండు రకాలూ వేరువేరని గుర్తు పెట్టుకోండి, ముందుకు పనిబడుతుంది. నికెల్ లేనిదానికి అయస్కాంతం అంటుతుంది. నికెల్ బాగా ఉన్న 304 రకానికి, అంటే 18 పాళ్ళు క్రోమియం, 8 పాళ్ళు నికెల్ ఉన్నదానికి, అంటదు.

ఉక్కు కథలో మన జిల్లాకు కూడా ఒక పేజీ ఉంది. మనకు పక్కనే ఉన్న ముద్దేనహళ్ళిలో పుట్టిన విశ్వేశ్వరయ్య గారు, వాళ్ళ పెద్దలు నల్లమల పక్క మోక్షగుండం నుంచి వచ్చిన తెలుగువాళ్ళు, 1923లో పని మొదలైన భద్రావతి ఇనుము ఫ్యాక్టరీని చైర్మనుగా నిలబెట్టినారు. మొదట అక్కడ అడవి కట్టెల బొగ్గుతో ఇనుము తీసేవాళ్ళు. తరువాతి కాలంలో భద్రావతి పేరు నిలిచింది మిశ్రమ ఉక్కుల మీద, అంటే పని చెప్తే ఆ పనికి తగినట్టు చేసిచ్చే ఉక్కు మీద.

ఇంక సేలం. కంజమలై కొండలో ఇనుప రాయి ఉంది, మాకూ ఒక ఉక్కు ఫ్యాక్టరీ కావాల అని సేలంవాళ్ళు ఏండ్ల తరబడి అడిగినారు. 1970లో ఇందిరా గాంధీ పునాది రాయి వేసినారు. చివరికి వచ్చింది కంజమలై రాయి కరిగించే ఫ్యాక్టరీ కాదు. బయట నుంచి వచ్చిన స్టెయిన్‌లెస్ చుట్టలను పలచగా సాగదీసే మిల్లు. 1982 నుంచి అక్కడ రేకు తయారవుతా ఉంది. వేడి రేకు సాగదీసే మిల్లు 1995లో, ఉక్కు కరిగించే కొలిమి 2010లో చేరినాయి. ఆ ఫ్యాక్టరీలోనే నాణేల బిళ్ళలు కోసే విభాగం కూడా ఉంది. 1992లో వచ్చిన రూపాయి బిళ్ళ ఇంట్లో ఉంటే అయస్కాంతం పెట్టి చూడండి, టక్కున అంటుకుంటుంది. అది 17 పాళ్ళు క్రోమియం, మిగతాది ఇనుము. నికెల్ లేదు. అంటుకుంది కదా అని అది నకిలీ కాదు.

మేము పనిచేసింది పెరంబూరులో, రైల్వే స్టోర్సు విభాగంలో. మా లోకంలో వస్తువులు రెండే జాతులు: స్టాకు, నాన్-స్టాకు. స్టాకు వస్తువుకు ఒక నంబరు ఉంటుంది, అరలో చోటు ఉంటుంది, ఏడాదికి ఎంత ఖర్చవుతుందో లెక్క ఉంటుంది. షాపువాళ్ళు చీటీ తెస్తే ఇచ్చి కార్డులో తగ్గించుకోవడమే. నాన్-స్టాకు అంటే పెళ్ళి సంబంధం మాదిరి. డ్రాయింగు కావాల, అంచనా కావాల, అకౌంట్సువాళ్ళు ఒప్పుకోవాల, టెండరు పిలవాల, వచ్చిన సరుకును పరీక్ష చేయాల. అంతా అయ్యేసరికి అడిగిన ఫోర్‌మన్‌కు ట్రాన్స్‌ఫర్ అయి ఉంటుంది. అట్ల తెప్పించిన సరుకు ఏండ్లకేండ్లు మూలన పడి ఉండేది మేము కండ్లారా చూసినాం.

అయినా రైల్వే నాన్-స్టాకు వద్దనలేదు, వద్దనడం కుదరదు కూడా. పెరంబూరు పెట్టెల ఫ్యాక్టరీ 1955 అక్టోబరు 2న మొదలైంది, స్విట్జర్లాండు ష్లీరెన్ కంపెనీ నమూనాతో. ఆ పెట్టెల ఒళ్ళు మామూలు ఉక్కు, తరువాత తుప్పును కొంచెం ఓర్చుకునే కార్టెన్ ఉక్కు. శత్రువు బయటి వాన కాదు, లోపలి నీళ్ళు. కక్కసుల పక్కన, నేల రేకు కింద, పక్క గోడ కింది మడతలో తడి నిలిచి తినేసేది. మరమ్మత్తుకు వచ్చిన పెట్టె నేల విప్పితే చేతికి పొడి పొడిగా రాలేది. ఆ చోట్లకు స్టెయిన్‌లెస్ రేకు వేసుకున్నాక ఆ బాధ తగ్గింది. బొగ్గు మోసే వ్యాగన్లకైతే రైల్వే తనకంటూ ఒక లక్షణ పత్రమే రాసుకుంది, ఐఆర్ఎస్ ఎం-44 అని. నికెల్ ఖర్చు లేకుండా, 12 పాళ్ళ దగ్గర క్రోమియంతో, వెల్డింగుకు లొంగే రకం. పాత్రల అంగడిలో అది దొరకదు. రైల్వేకు వేల టన్నులు కావాల కాబట్టి మిల్లువాళ్ళు చేసిచ్చినారు.

తరువాత 1995లో జర్మనీ లింకే-హాఫ్‌మన్-బుష్‌తో ఒప్పందం. అందరూ ఎల్‌హెచ్‌బి అంటున్నారే, ఆ పెట్టెలు ఇవే. పాత పెట్టె ఒళ్ళు పొడవు 21.34 మీటర్లు, ఇది 23.54. పక్క గోడలకు నికెల్ లేని జాతి, పైకప్పుకు నికెల్ ఉన్న జాతి, ఎక్కడికి ఏది తగునో అది. పెరంబూరులో పాత రకం ఆఖరి పెట్టె 2018 జనవరిలో బయటికి పోయింది.

అమెరికాలో బడ్ కంపెనీవాళ్ళు 1934లోనే పయనీర్ జెఫిర్ అని మొత్తం స్టెయిన్‌లెస్ రైలు చేసినారు. డెన్వర్ నుంచి షికాగోకు 1,015 మైళ్ళు 13 గంటల 5 నిమిషాల్లో పోయింది. వాళ్ళకు ఎదురైన కష్టం మన గుండిగకు కూడా ఉంది, అందుకే చెప్తా ఉన్నాం. ఈ ఉక్కును అతుకు దగ్గర ఎక్కువ సేపు కాలిస్తే క్రోమియం పోయి కార్బన్‌తో కలుస్తుంది, అతుకు పక్క గీతకు తుప్పు ఆపే శక్తి తగ్గుతుంది. బడ్‌వాళ్ళు రెప్పపాటు కరెంటు ఇచ్చి అతికే పద్ధతి కనిపెట్టి తప్పించుకున్నారు. అంటే, ఎన్ని అతుకులు తక్కువైతే అంత మంచిది.

ఇప్పుడు మేము ఎందుకు నోరు విప్పలేదో చెప్తాం. 2011లో మన సంఘం కొన్న మూడు గుండిగలు గుర్తున్నాయి కదా? ఆ కమిటీలో కొనుగోలు కాగితం మీద సంతకం మాది. అంగడాయన, పేరు అక్కర్లేదు, 304 అన్నాడు. మేము జేబులోంచి అయస్కాంతం తీసి పెట్టినాం, అంటలేదు. 'చూసినారా' అన్నాడు, మేము తల ఊపినాం. ఇరవై ఏండ్లకు పైగా రైల్వేలో ప్రతి సరుకుకూ మిల్లు సర్టిఫికేటు అడిగిన మనుషులం, ఆ రోజు అడగలేదు. సొంతవాళ్ళ డబ్బు కదా, తక్కువకు వచ్చింది కదా అనుకున్నాం. రెండు గురుపూర్ణిమలు గడిచేసరికి లోపల గోధుమ రంగు చుక్కలు, తరువాత సూది గుంటలు. చింతపండు, టొమాటో, ఉప్పు రాత్రంతా అందులోనే. మూడో ఏడు అతుకు దగ్గర సాంబారు కారి పొయ్యి ఆరిపోయింది, ఆకుల ముందు కూర్చున్న జనాన్ని అరగంట ఆపినాం. వడ్డించే పిల్లలు మాటలు పడినారు, సంతకం పెట్టిన మమ్మల్ని ఎవరూ ఒక్క మాట అనలేదు. అదే ఇప్పటికీ గుచ్చుకుంటా ఉంది.

తరువాత తెలుసుకున్నాం, అది 202 జాతి అయి ఉంటుంది. అందులో నికెల్ 4 నుంచి 6 పాళ్ళు, మిగతాది మాంగనీసుతో సరిపెడతారు. నికెల్ కరువు కాలంలో పుట్టిన రకం ఇది. దానికీ అయస్కాంతం అంటదు! పొడి సామాన్లకు, తలుపు పిడులకు బాగుంటుంది. పులుసుకూ ఉప్పుకూ కాదు. కాబట్టి అయస్కాంతం రెండు వైపులా మోసం చేస్తుంది: మంచి రూపాయి బిళ్ళను నకిలీ అంటుంది, 202ను 304 అంటుంది. మాంగనీసు పట్టించే చుక్కల మందు దొరుకుతుంది, అది వేసి చూడచ్చు. దానికంటే ముఖ్యం రేకు మీద అచ్చేసిన హీట్ నంబరు, అదే నంబరు ఉన్న మిల్లు సర్టిఫికేటు.

ఇప్పుడు లెక్కకు వద్దాం. కమిటీ అడిగింది 900 మిల్లీమీటర్ల వెడల్పు, 750 ఎత్తు, 2 మందం, నాలుగు గుండిగలు. ఒక్కొక్కటి 477 లీటర్లు, మొత్తం 1,908. చుట్టుకొలత 2,827 మిల్లీమీటర్లు. అంగడి రేకు పొడవు 2,500, కొన్ని 2,440. చాలదు! అతుకు రెండు చోట్ల వేయాల. ఫ్యాక్టరీకి ఆర్డరు పెడదామన్నవాళ్ళ వాదన ఇదే, తప్పు కాదు. కానీ నాలుగూ కలిపి ఉక్కు 180 కిలోలు కూడా లేదు, మిల్లువాళ్ళు టన్నుల లెక్కన తప్ప మాట్లాడరు. రైల్వేకు కుదిరింది మనకు కుదరదు.

నడుమ దారి ఒకటుంది. పెద్ద స్టాకిస్టుల దగ్గర చుట్టలుంటాయి, అడిగిన పొడవుకు కోసిస్తారు. 2,850కి కోయించుకుంటే ఒక్క అతుకుతో పోతుంది. కోత కూలి, మిగిలిన 500 వెడల్పు పట్టీ మన నెత్తిన పడుతుంది. ఆ పట్టీతో మూతలు కావు, వడ్డన బల్లల అంచులకు పనికొస్తుంది.

ఇంకో దారి మా స్టోర్సు బుర్రకు తోచింది. కొలతనే స్టాకుకు తగినట్టు మారుద్దాం. 780 వెడల్పు, 800 ఎత్తు అయితే చుట్టుకొలత 2,450. 2,500 రేకు ఒక్కటి, ఒక్క అతుకు. ఒక్కో గుండిగ 382 లీటర్లు, ఐదు చేయిస్తే 1,911. నాలుగు పెద్దవాటికి మూడు లీటర్లు ఎక్కువే! పాడైతే అదే కొలతకు రేపే ఏ అంగడిలోనైనా రేకు దొరుకుతుంది. అడుగు బిళ్ళ కోసినప్పుడు మూలలు పోతాయి, అది ఏ పద్ధతిలోనూ తప్పదు.

దీనికి అడ్డం ఒకటే. ఐదు గుండిగలంటే ఐదు పొయ్యిలు, మనకున్నవి నాలుగు. వంటాయనకు ఫోను చేసి చెప్తే, 'సామీ, లెక్క మీది, మంట నాది, ఇంకో ఇద్దరు మనుషుల్ని ఎవరిస్తారు?' అన్నాడు. ఆయన మాట కూడా విలువైనదే. ఈ ఆదివారం పొద్దున పది గంటలకు వంటశాలకు టేపు తీసుకొని వస్తానన్నాడు. మేమూ వస్తాం. ఐదో పొయ్యికి గోడ పక్క చోటుందో లేదో కొలిచి చూద్దాం, వీలైనవాళ్ళు రండి. ఈసారి కొనుగోలు కాగితం మీద మా సంతకం వద్దంటే కూడా మాకు కోపం లేదు.