పీట అటకెక్కింది

ఉదయం ఆరున్నర. గుంటూరు కొత్తపేటలో టీకొట్లు అప్పుడే తెరుస్తున్నారు. ఆసుపత్రి రెండో అంతస్తులో, కిటికీ పక్క మంచం మీద, ఆకుపచ్చ గౌనులో పెద్దమ్మ కూర్చుని ఉంది. రాత్రి నుంచి పచ్చి మంచినీళ్లు కూడా లేవు. చేతి గాజులు తీయించారు. ముక్కుపుడక మాత్రం నలభై ఏళ్లుగా అక్కడే ఉండిపోయి రానంది. సిస్టర్ దాని మీద చిన్న ప్లాస్టర్ ముక్క అంటించి ఊరుకుంది.

డాక్టర్ వచ్చాడు. చేతిలో మార్కర్ పెన్ను.

"అమ్మా, ఏ కాలు?"

"కుడికాలేనయ్యా. నిన్న రెండుసార్లు అడిగారు. మర్చిపోయారా?"

"మర్చిపోకూడదనే అడుగుతున్నాం."

కుడి తొడ మీద నల్లటి బాణం గుర్తు గీశాడు. పెద్దమ్మ దానివంక చూసి, "పొలానికి హద్దు రాయి పాతినట్టుంది" అంది.

వయసు అరవై నాలుగు. దుగ్గిరాల దగ్గర పల్లె. నలభై ఏళ్లు వంగి నాట్లు వేసింది, గొంతుకూర్చుని కలుపు తీసింది, ఇంటికొచ్చి పీట మీద కూర్చుని పొయ్యి ఊదింది. ఐదారేళ్లుగా కాళ్లు రెండూ బయటికి వంగి దొడ్డికాళ్లయ్యాయి. గోడ పట్టుకోనిదే మెట్టు దిగలేదు. మాత్రలు, మోకాలి పట్టీలు, కీలులోకి సూదిమందు, అన్నీ అయ్యాయి. రెండు నెలల క్రితమే ఆపరేషన్ అన్నారు గానీ, మూడు నెలల షుగర్ లెక్క ఎక్కువగా ఉందని వెనక్కి పంపారు. షుగర్ దిగాక, పన్నుపోటు తగ్గాక, మూత్రంలో ఇన్ఫెక్షన్ లేదని తేలాక మళ్లీ రమ్మన్నారు. ఒంట్లో ఎక్కడ చీము ఉన్నా అది రక్తంలో ప్రయాణం చేసి కొత్త కీలును పట్టుకుంటుందని వాళ్ల భయం.

గోడమీద దీపం ముందు ఎక్స్‌రే పెట్టి ఉంది. నిలబెట్టి తీసింది. కీలు బయటివైపు రెండు ఎముకల మధ్య సన్నటి నల్లని సందు కనిపిస్తోంది. లోపలివైపు సందే లేదు. తొడ ఎముక వచ్చి కాలి ఎముక మీద కూర్చుంది. మనవాళ్లు 'గుజ్జు అరిగిపోయింది' అనేది దీన్నే.

"బాబూ, ఒక్క మాట. ఇదంతా అయ్యాక పీట మీద కూచోవచ్చా?"

డాక్టర్ మంచం అంచున కూర్చున్నాడు. "నొప్పి పోతుందమ్మా. గుడిదాకా నడుస్తావు. కింద కూర్చోవడం మాత్రం వదులుకోవాలి. బాసింపట్టు వద్దు, గొంతుకూర్చోవడం వద్దు. కొందరు డాక్టర్లు కూర్చోవచ్చంటారు. నేను వద్దంటాను. కీలులో పెట్టే ప్లాస్టిక్ మీద అంత బరువు పడితే దాని ఆయుష్షు తగ్గుతుంది."

పెద్దమ్మ ఏమీ అనలేదు. ట్రాలీ వచ్చింది.

థియేటర్ తలుపు తెరుచుకోగానే చలి మొహాన కొట్టింది. సర్జన్ నా కాలేజీ స్నేహితుడు కాబట్టి, నన్ను చూపించి 'వీణ్ణి నా కళ్లముందే ఉండనీ' అని పెద్దమ్మ పట్టుబట్టింది కాబట్టి, టోపీ, మాస్కు తగిలించుకుని గోడకు ఆనుకుని నిలబడ్డాను. దేన్నీ ముట్టుకోవద్దన్నారు. చేతులు కట్టుకున్నాను.

మత్తు డాక్టరమ్మ పెద్దమ్మను మంచం అంచున కూర్చోబెట్టి, వీపు వంచి గడ్డం గుండెకు ఆనించమంది. తుంటి ఎముకల పైఅంచు మీద వేళ్లుంచి, అక్కణ్ణుంచి వెన్నుపూసలు లెక్కపెట్టింది. వెంట్రుకలాంటి సూది. దాని చివర నుంచి నీళ్లలాంటి చుక్క రాలింది. వెన్నుపాము చుట్టూ ఉండే ద్రవం అది. సూది సరైన చోట ఉందనడానికి ఆ చుక్కే సాక్ష్యం. రెండు మూడు మిల్లీలీటర్ల మందు లోపలికి వెళ్లింది.

"కాళ్లు వెచ్చబడుతున్నాయే," అంది పెద్దమ్మ. కాసేపటికి స్పిరిట్ దూదిని భుజం మీద, తర్వాత తొడ మీద తాకించారు. "ఇక్కడ చల్లగా ఉంది. అక్కడేం పెట్టారు? ఏమీ తెలియట్లేదు." అంతే. ఛాతీకి అడ్డంగా ఆకుపచ్చ తెర కట్టారు. తెరకు ఇటువైపు పెద్దమ్మ, అటువైపు ఆమె మోకాలు.

తొడకు కట్టిన పట్టీలో గాలి నిండింది. కాల్లోకి రక్తం ఆగింది. మోకాలి మధ్యగా ఆరంగుళాల కోత. చిప్పను పక్కకు జరిపి కాలు మడిచేసరికి కీలు తెరుచుకుంది. "రా, దగ్గరికొచ్చి చూడు. చేతులు మాత్రం వెనక్కి" అన్నాడు డాక్టర్.

కీలు బయటివైపు గుజ్జు ఇంకా బతికే ఉంది, లేత కొబ్బరిలా తెల్లగా, మెత్తగా. లోపలివైపు అది లేదు. ఎముకే బయటపడి, ఏళ్ల తరబడి ఎముకతో రాసుకుని, దంతంలా నునుపెక్కి మెరుస్తోంది. ఆ నునుపు మీదే పెద్దమ్మ ఐదేళ్లు నడిచింది.

తొడ ఎముక చివర కోత అచ్చు బిగించారు. కరెంటు రంపం మోగింది. కాలిన వాసన. సిస్టర్ సెలైన్ పోస్తూనే ఉంది. తొమ్మిది మిల్లీమీటర్ల మందాన ఎముక పలక విడివడి స్టీలు ట్రేలో టంగుమని పడింది. మోకాలి మార్పిడి అంటే కీలంతా కోసి పారేస్తారనుకుంటాం. అరిగిన పైపొరను మాత్రమే చెక్కి, దాని మీద లోహపు తొడుగు వేస్తారు. పుచ్చిన పన్నుకు తొడుగు వేసినట్టే.

తెర అవతల నుంచి గొంతు వినిపించింది. "ఇందాకటి నుంచీ ఎవరో వడ్రంగం చేస్తున్నారే!"

థియేటరంతా నవ్వారు. మత్తు డాక్టరమ్మ సెలైన్ గొట్టంలోకి ఇంకో మందు ఎక్కించింది. పెద్దమ్మ కునుకులోకి జారుకుంది.

వడ్రంగం అన్న మాట అబద్ధం కాదు. 1890 ప్రాంతంలో బెర్లిన్‌లో థెమిస్టొక్లీస్ గ్లుక్ అనే వైద్యుడు ఏనుగు దంతం చెక్కించి కీళ్లుగా అమర్చాడు. క్షయ సోకిన కీళ్లు కావడంతో చీముపట్టి విఫలమయ్యాయి. ఇంగ్లండ్‌లోని రైటింగ్టన్ ఆసుపత్రిలో జాన్ చార్న్లీ తుంటి కీలుకు మొదట టెఫ్లాన్ గిన్నె పెట్టాడు. కొద్ది ఏళ్లకే అరిగిపోయింది. 1962 నవంబరులో గట్టి పాలిథీన్‌తో మళ్లీ మొదలుపెట్టి గెలిచాడు. ఎముకకు, లోహానికి మధ్య దంతవైద్యుల తరహా సిమెంటును వాడుకలోకి తెచ్చిందీ ఆయనే. 1974లో న్యూయార్క్‌లో జాన్ ఇన్‌సాల్ బృందం అమర్చిన మోకాలే ఇప్పటి మోకాళ్లకు మూలరూపం.

కోతలు అయ్యాయి. అసలు నేర్పు ఇప్పుడు మొదలైంది. ఏళ్లపాటు కాలు వంగిపోవడంతో లోపలివైపు కీలు బంధాలు కురచబారాయి, బయటివైపువి సాగాయి. ఎముకల మధ్య ఒక దిమ్మ పెట్టి, కాలు చాపి చూశాడు, మడిచి చూశాడు. లోపల బిగుతు, బయట వదులు. లోపలి బంధాన్ని ఎముక అంచు నుంచి కొద్దిగా వదిలించాడు. మళ్లీ దిమ్మ. ఇంకొంచెం. మంచానికి నవారు బిగించేవాడు ఒక్కో వరస నొక్కి చూసుకున్నట్టు, రెండువైపులా ఒకే లాగుడు వచ్చేదాకా విసుగు లేకుండా చేశాడు. "ఇక్కడ తొందరపడితే, ఎంత ఖరీదైన కీలు పెట్టినా దండగే" అన్నాడు.

సిస్టర్ గిన్నెలో పొడి, ద్రవం కలిపింది. గోళ్లరంగు వాసన లాంటిది గుప్పుమంది. సిమెంటు. ఎముకను నీటిధారతో కడిగి, ఆరబెట్టి, సిమెంటు పూసి, కోబాల్ట్ క్రోమియం తొడుగును సుత్తితో ఎక్కించాడు. కింద లోహపు పళ్లెం. మధ్యలో తెల్లటి ప్లాస్టిక్ పలక. ఇక ఎదురుచూపు. చేతిలో చిన్న సిమెంటు ముద్ద పట్టుకుని నలుపుతూ నిలబడ్డాడు. ముందు పిండిలా ఉంది, తర్వాత గోరువెచ్చనైంది, చివరికి రాయిలా గట్టిపడింది. చేతిలోది గట్టిపడిందంటే లోపలిదీ పట్టుకుంటున్నట్టే.

ఈ లోహపు ముక్క ధరకూ ఒక కథ ఉంది. ఒకప్పుడు ఇలాంటి కీలు గరిష్ఠ చిల్లర ధర సగటున లక్షన్నర దాటేది. 2017 ఆగస్టులో కేంద్ర ధరల నియంత్రణ సంస్థ దానికి 54,720 రూపాయల గరిష్ఠ ధర కట్టింది, పన్ను అదనం.

కాలు చాపాడు. నిటారుగా ఉంది. ఎన్నాళ్ల తర్వాతో ఆ కాలు సరళరేఖ అయింది. కుట్లు, పైన క్లిప్పులు. మొత్తం గంటా ఇరవై నిమిషాలు.

సాయంత్రం ఐదింటికి వార్డులోకి ఫిజియో అమ్మాయి వాకర్ తోసుకుంటూ వచ్చింది.

"అమ్మమ్మా, లేవాలి."

"ఇయ్యాళా? కోసింది పొద్దున్నే కదే తల్లీ!"

"అందుకే ఇవాళే. పడుకుంటే కాల్లో రక్తం గడ్డకడుతుంది."

వదిన ఒకపక్క, ఆ అమ్మాయి ఒకపక్క. పెద్దమ్మ పళ్లు బిగించి లేచింది. నాలుగు అడుగులు. తర్వాత మంచం మీద కూలబడి, చెమట తుడుచుకుని, కాలివంక చూసుకుంది. "కోత నొప్పుంది గానీ, ఆ పాత నొప్పి లేదురా." ఆ రాత్రి మందు దిగిపోయాక కోత నొప్పే ఆమెను తెల్లార్లూ నిద్రపోనివ్వలేదు. మూడోరోజు మోకాలు తొంభై డిగ్రీలు మడవాలన్నారు. మడిచేటప్పుడు ఫిజియో అమ్మాయిని తిట్టని తిట్టు లేదు. మడిచాక తన ఫ్లాస్కులో కాఫీ పోసి ఇచ్చింది.

పక్కగదిలో నడుముకు ఆపరేషన్ అయిన లారీ డ్రైవరుంటే పలకరించాను. ముప్ఫై ఎనిమిదేళ్లు. నడుములో డిస్కు జారి నరాన్ని నొక్కింది. పిరుదు నుంచి మడమ దాకా కరెంటు పాకినట్టు నొప్పి. ఆయనకు డాక్టర్ వెంటనే ఆపరేషన్ అనలేదు. ఆరు వారాలు మందులు, వ్యాయామం. చాలామందికి అంతలో తగ్గిపోతుంది కూడా. నెదర్లాండ్స్‌లో ఇలాంటి 283 మందిని రెండుగా విడదీసి చేసిన పరిశీలన 2007లో వెలువడింది. త్వరగా ఆపరేషన్ చేయించుకున్నవాళ్లు త్వరగా కోలుకున్నారు. ఆగి చూసినవాళ్లలో నూటికి 39 మందికి తర్వాత ఆపరేషన్ తప్పలేదు. అయితే ఏడాది తిరిగేసరికి రెండు జట్లలోనూ నూటికి 95 మంది కోలుకున్నామన్నారు.

మరి ఈయన్ని ఎందుకు కోశారు? ఐదో వారంలో పాదం పైకి లేవడం మానేసింది. క్లచ్ తొక్కబోతే చెప్పు జారిపోయేదట. నరం బలం తగ్గుతోందంటే ఇక ఆగకూడదు. "కాలిలో లాగుడు లేచేసరికే పోయిందన్నా. నడుం పట్టు మాత్రం ఉంది" అన్నాడు. డాక్టర్ ముందే చెప్పిందీ అదే. ఈ ఆపరేషన్ కాలికి పాకే నొప్పిని తీసినంత బాగా నడుం నొప్పిని తీయదు. ఆగకూడని సందర్భం ఇంకొకటుంది. మూత్రం ఆగిపోయినా, తెలియకుండా పోతున్నా, కూర్చునే చోట తిమ్మిరెక్కి స్పర్శ పోయినా, ఆ గంటే ఆసుపత్రికి పరిగెత్తాలి.

నాలుగోరోజు రాత్రి క్యాంటీన్లో డాక్టర్‌ను అడిగాను, పెద్దమ్మ మోకాలు ఎన్నాళ్లు వస్తుందని. 2019లో లాన్సెట్ పత్రికలో వచ్చిన లెక్క చెప్పాడు. విదేశీ రిజిస్టర్లు జల్లెడపట్టి చూస్తే, మోకాలి మార్పిళ్లలో నూటికి 82 పాతికేళ్లు నిలిచాయి, తుంటి మార్పిళ్లలో 58. "పెద్దమ్మకు ఇదే ఆఖరి మోకాలు కావచ్చు" అన్నాడు. తర్వాత టీ గ్లాసు పక్కన పెట్టి, ఎవరూ అడగని రెండో లెక్క చెప్పాడు. కీలు బాగానే ఉన్నా, ఐదుగురిలో దాదాపు ఒకరు పూర్తి తృప్తిగా లేమంటారు. నూటికి ఒకరిద్దరికి లోపల చీము పడుతుంది, మళ్లీ తెరవాల్సి వస్తుంది. "తృప్తి లేనివాళ్లందరి ఆపరేషన్లూ చెడిపోయినవి కావు. కొందరు కొత్త మోకాలిని ఇరవై ఏళ్లనాటి సొంత మోకాలు అనుకుని వస్తారు."

ఆరు వారాల తర్వాత పల్లెకు వెళ్లాను. పెద్దమ్మ వరండాలో ఎత్తు కుర్చీలో కూర్చుని చిక్కుళ్లకు ఈనెలు తీస్తోంది. మరుగుదొడ్డిలో కమోడు బిగించారు. పొయ్యి గట్టు మీదికెక్కింది. వీధి చివర రామాలయం దాకా కర్ర లేకుండా వెళ్లొస్తోంది. మోకాలు నూటపది డిగ్రీలు మడుస్తోంది. చుట్టూ ఇంకా వేడిగానే ఉంది, కోత పక్కన చర్మం మొద్దుబారింది.

"ఎలా ఉంది పెద్దమ్మా?"

"నొప్పి లేదురా. నడుస్తున్నాను." ఆగింది. "మొన్న శ్రావణ శుక్రవారం అందరూ కింద వరసగా కూచున్నారు. నాకు కుర్చీ వేశారు. పెళ్లిచూపులకొచ్చిన దానిలా నేనొక్కదాన్నే పైన."

లోపలికెళ్లి చూశాను. చింతచెక్క పీట అటకమీద ఉంది, నలభై ఏళ్లు కూర్చోగా కూర్చోగా మధ్యలో గుంటపడి. దీన్నీ ఆ ట్రేలో పడ్డ ఎముకనూ నునుపు చేసింది ఒకే పని.

ఎడమ మోకాలికి మాఘమాసంలో రమ్మన్నారు. వెళ్తుందట.

మీ ఇంట్లో ఎవరికైనా ఈ ఆపరేషన్ చేయించాలనుకుంటే, సంతకం పెట్టే ముందు ఒక తెల్లకాగితం తీసుకోండి. పొద్దున లేచింది మొదలు నేల మీద కూర్చుని చేసే పనులన్నీ దాని మీద రాయండి. డాక్టర్ ముందు పెట్టి, వీటిలో ఏవి మిగులుతాయో ఒక్కొక్కటిగా గుర్తు పెట్టించుకోండి. పెద్దమ్మ అడిగిన ఆ ఒక్క ప్రశ్న ట్రాలీ వచ్చే నిమిషంలో కాదు, నెల ముందే అడగాల్సింది.